ఆంటీ మూడోసారి అడగలేదు

అక్టోబర్ పద్నాలుగు, మంగళవారం. పొద్దున్న ఆరు నలభైకి పొగమంచులోంచి స్కూలు బస్సు దీపాలు ఎప్పటిలాగే తేలుకుంటూ వచ్చాయి. తలుపు ఎప్పటిలాగే మడతపడి తెరుచుకుంది. స్టీరింగ్ వెనక మాత్రం ఆంటీ లేరు. బస్సుల వ్యవహారమంతా చూసుకునే పెద్దాయన కూర్చుని ఉన్నారు, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని.

నేను మెట్టు మీదే ఆగిపోయాను. ఆయన నన్ను చూసి కంగారుపడ్డారు. "నువ్వు ఆంటీ వాళ్ళ అమ్మాయివి కదూ? ఇవాళ స్కూలుకి వస్తావనుకోలేదు" అన్నారు ఇంగ్లీషులో. కాదన్నాను. ఆయన ఒళ్ళోని టోపీని వెల్లకిలా తిప్పారు. "అయితే నీకింకా తెలియదు. నిన్న సాయంత్రం. తోటలో ఎండిపోయిన పాదులు పీకుతూ అలాగే కూర్చుండిపోయిందట. గుండె."

అంకుల్ ఆస్పత్రి నుంచి మొదట ఫోన్ చేసింది స్కూలువాళ్ళకేనట. పొద్దున్నే పిల్లలు చలిలో నిలబడి బస్సు కోసం ఎదురుచూడకూడదని. ఆ తర్వాత ఇంకెవరికీ చేసే ఓపిక లేకపోయిందట, అందుకే మాకెవరికీ ఇంకా తెలియలేదు.

నా జేబులో ఒక చీటీ ఉంది. దాని మీద ‘సరే’ అని రాసి ఉంది. ఆ మాట ఆంటీ చేతికివ్వడానికే ఇవాళ అలారం మోగకముందే లేచాను. ఆ చీటీ సంగతి మీకు తెలియాలంటే ముందు ఆంటీ తెలియాలి.

ఇది చదివేవాళ్ళలో చాలామంది అమెరికాలో మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే అరోరాలోనో నేపర్‌విల్‌లోనో ఉంటారు. మా ఊరు అక్కడి నుంచి పడమరకి కారులో రెండు గంటలు. దారంతా మొక్కజొన్న, సోయాబీన్. ఊళ్ళో పెద్ద వీధి ఒకటే, ఆ చివర ధాన్యం నిలవచేసే పెద్ద గోపురాలు. తెలుగు ఇళ్ళు రెండు, మాదీ వాళ్ళదీ. నాన్నకి విత్తనాల కంపెనీలో ఉద్యోగం రావడంతో ఐదేళ్ళ క్రితం, ఏడో తరగతి మధ్యలో, తెనాలి నుంచి ఇక్కడికి వచ్చాను. ఆంటీది కరీంనగర్ వైపు. అంకుల్ ఇక్కడి ఆస్పత్రి ల్యాబ్‌లో చేస్తారు.

ఆంటీ మన దగ్గర స్కూటర్ కూడా నడపలేదు. ఇక్కడికొచ్చిన కొత్తలో స్కూలు ముందు ఒక బ్యానర్ చూశారట: డ్రైవర్లు కావాలి, మేమే నేర్పిస్తాం. "వాళ్ళే నేర్పిస్తరట, ఇగ నాకేం బాధ?" అని లోపలికి నడిచి వెళ్ళిపోయారట. అరోరాలో ఉన్న చుట్టాలు ఫోన్ చేసి, "ఎమ్మెస్సీ చదివి బస్సు నడుపుడేందే?" అన్నారట. "ఎమ్మెస్సీ చదివినోళ్ళు బస్సెక్కరా? ఎక్కినప్పుడు నడపరా?" అని ఈవిడ జవాబు. ఈ కథ నాకు ఎన్నోసార్లు చెప్పారు. చెప్పిన ప్రతిసారీ ఫోన్ చేసిన చుట్టం మారిపోయేది.

నేను ఆవిడని ఆంటీ అని పిలవడం విని బస్సులో పిల్లలందరూ ఆంటీ అనడం మొదలుపెట్టారు. తర్వాత వాళ్ళ అమ్మానాన్నలు. చివరికి స్కూలువాళ్ళు బస్సులో డ్రైవర్ పేరుండే చోట కూడా అదే రాశారు. ఆవిడ అసలు పేరు ఊళ్ళో చాలామందికి తెలియదు. ఇక్కడ కూడా నేను రాయను.

బస్సు ఎక్కాలంటే నాకు టికెట్ ఉండేది. రోజుకొక మాట. చీటీ మీద రాసి ఇవ్వాలి. "ఏం బిడ్డా, టికెట్ ఏది?" అని చెయ్యి చాపేవారు. మొదట్లో ఇంగ్లీషు మాటలు ఇచ్చేదాన్ని, నేను క్లాసులో విని భయపడినవి. తర్వాత తెలుగువి, మర్చిపోతానేమోనని భయపడినవి. తూనీగ. నులివెచ్చన. చిరుచీకటి. ఆవిడ చదివి, ఒకసారి పైకి అని, ఎండ తగలకుండా దించుకునే సన్‌వైజర్ కింద దోపేవారు. ‘చిరుచీకటి’ ఇచ్చిన రోజు బస్సు కదలకుండా నిమిషంపాటు అద్దంలోంచి చూశారు. బయట ఉన్నది అదే. "ఇంత మంచి మాట పెట్టుకొని ఇన్నేండ్లు డార్క్, డార్క్ అనుకుంట నడిపిన" అన్నారు. మాటలంటే నాకు ఇష్టం పుట్టింది ఆ నిమిషంలోనే అనుకుంటాను.

మా ఇల్లు ఊరి బయట, ఊళ్ళోని బడికి వెళ్ళాలంటే రైలు పట్టాలు దాటాలి. ఇక్కడ స్కూలు బస్సు పట్టాల ముందు ఆగి, తలుపు తీసి, రైలు వస్తోందేమో వినాలని నియమం. ఆంటీ చెయ్యి పైకెత్తగానే బస్సంతా నిశ్శబ్దం. తెరిచిన తలుపులోంచి తడిమట్టి వాసన, ఎక్కడో పిట్ట, దూరంగా పంట కోసే యంత్రం మూలుగు. మంచు లోపలికి వచ్చి మొదటి వరస సీట్ల మీద కూర్చునేది. బస్సు నేల మీద ఉందో నీళ్ళ మీద ఉందో తెలిసేది కాదు. ఆ పట్టాల మీద రైలు వచ్చేది వారానికి ఒకటో రెండో. "రైలు లేదని తెలిసినా ఆగాలె. ఆగి వినాలె" అనేవారు.

పట్టాలు దాటాక మైకు తీసుకుని ఊళ్ళో ఎక్కడ ఎవరు కావాలో చెప్పేవారు. లైబ్రరీలో శనివారం చిన్నపిల్లలకి కథ చదివేవాళ్ళు కావాలి. ఫైర్ స్టేషన్‌లో ఊరందరికీ పెట్టే పాన్‌కేక్‌ల టిఫిన్‌కి పిండి కలిపేవాళ్ళు కావాలి. ఫలానా ముసలాయనకి కంటి ఆపరేషన్, కుక్కని తిప్పేవాళ్ళు కావాలి. చెప్పి ఊరుకునేవారు కాదు, అద్దంలో ఒక్కొక్కరి మొహం చూసి అడిగేవారు. ఎవరినైనా మూడుసార్లు. ఆ లెక్క వెనక ఒక విందు ఉంది.

కోతల తర్వాత చర్చి కింది హాల్లో ఊరంతా కలిసి భోంచేయడం ఇక్కడి ఆనవాయితీ. ఎవరి వంట వాళ్ళు తెస్తారు. ఆంటీ వచ్చిన మొదటి ఏడాది పులిహోర పట్టుకెళ్ళారు. ఒక రైతు భార్య ‘యాపిల్ పై’ అనే, యాపిల్ ముక్కలు కూరి కాల్చిన తీపి వంటకం ముక్క చాపి, కావాలా అని అడిగింది. మన అలవాటు ప్రకారం ఆంటీ వద్దన్నారు. ఆవిడ నవ్వి ముందుకి వెళ్ళిపోయింది.

"మల్ల అడుగుతది గదా అని ప్లేట్ చేతిల పట్టుకొనే కూసున్న బిడ్డా. పోనే పోయింది! తర్వాత చికెన్ తెచ్చినాయన గంతే, రొట్టెలు తెచ్చినామె గంతే. ఒక్కసారి అడుగుడు, పోవుడు. ఇంటికొచ్చి అటుకులు నానేసుకొని తిన్న. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది."

అదే విందులో ఆంటీ తన పులిహోర మాత్రం మన పద్ధతిలోనే పెట్టారు. పక్క కుర్చీ రైతు వద్దన్నాడు. మళ్ళీ అడిగారు. వద్దన్నాడు. మూడోసారి అడిగేసరికి భయపడి తిన్నాడట. తిని ఇంకో గరిటె వేయించుకున్నాడట. "ఆంటీ దగ్గర మొదటి రెండు వద్దులు చెల్లవు" అని ఆయన ఇప్పటికీ అందరికీ చెబుతాడు.

"మొదటిసారి అడిగితే భయం మాట్లాడుతది. రెండోసారి మొహమాటం. అవి రెండు అయిపోయినంక మనిషి మాట్లాడుతడు. ఆ మనిషి వద్దంటే ఇగ అడగొద్దు. నాలుగోసారి అడిగితే అది ఒత్తిడి" అనేవారు. నిజంగానే నాలుగోసారి ఎవరినీ అడగలేదు.

నన్ను మొదటిసారి అలా అడిగింది మొక్కజొన్న పనికి. విత్తనం కోసం పెంచే పొలాల్లో జూలై నెలలో కొన్ని వరసల మొక్కలకి తల మీది పూతని చేత్తో పెరికేయాలి, లేకపోతే విత్తనం చెడుతుంది. ఊళ్ళో హైస్కూలు పిల్లలంతా వెళ్తారు. ఆంటీ వాళ్ళని బస్సులో తీసుకెళ్ళేవారు. నాకు అక్కడ ఒక్క స్నేహితురాలు కూడా లేదు. రెండుసార్లు వద్దన్నాను, మూడోసారి వెళ్ళాను. తెల్లవారుజామున మొక్కలు నాకంటే ఎత్తు, ఆకుల మీది మంచుకి బట్టలు ముద్ద. ఆకుపచ్చ గోడల మధ్య నా ముందు ఎవరున్నారో కనిపించదు, పాట మాత్రం వినిపిస్తుంది. ఆంటీ బస్సు దగ్గర కూర్చోకుండా మా వరసలోకి దిగి, చకచకా పెరికేస్తూ వెళ్ళిపోయారు. ఇదెక్కడ నేర్చుకున్నారని అడిగితే, "మా అమ్మ ఇదే పని చేసింది, మా ఊరి మక్క చేన్ల. ఆమె వెనుక నడిచి నడిచి వచ్చింది. అమెరికాల పనికొస్తదని ఎవరికెరుక!" అన్నారు. ఆ రోజు ముందు వరసలో పాడిన అమ్మాయే ఇప్పటికీ నా స్నేహితురాలు.

ఇక చీటీ. మా ఊరికి ఒక వారపత్రిక ఉంది. ఎనిమిది పేజీలు. అందులో ఊరి కబుర్ల శీర్షిక ఒకటి. ఎవరింటికి మనవరాలొచ్చింది, ఎవరి సోయాబీన్ కోత అయింది, ఎవరు పోయారు. ఏళ్ళ తరబడి రాసిన రిటైర్డ్ నర్సు వేసవిలో కూతురి దగ్గరకి వెళ్ళిపోయింది. రాసేవాళ్ళు ఎవరూ దొరక్కపోతే ఈ గురువారం సంచికతో ఆ శీర్షిక ఆపేస్తామని ఎడిటరమ్మ చెప్పింది. సెప్టెంబర్‌లో ఆంటీ మైకు పక్కన పెట్టి, తెలుగులో, నన్నొక్కదాన్నే అడిగారు. "నువ్వు రాస్తవా?" వద్దన్నాను.

పోయిన శుక్రవారం మళ్ళీ అడిగారు. అందరూ దిగిపోయారు. మా స్టాపే ఆఖరుది.

"ఏమాలోచించినవ్?"

"నా ఇంగ్లీష్ చూసి నవ్వుతారు ఆంటీ. క్లాసులో ఎస్సే చదివితేనే నవ్వారు."

"నవ్వనీ. నేను మొదటిసారి బస్సు రివర్స్ చేసి పోస్టాఫీసు డబ్బాని పడగొట్టిన. ఊరంత నవ్వింది. ఇప్పుడు వాళ్ళ పిల్లలు నా బస్సే ఎక్కుతున్నరు."

"పోస్టు డబ్బా ఒక్కసారే పడింది ఆంటీ. నేను ప్రతి వారం పడగొడతాను."

పకపకా నవ్వారు. "మంచిగ మాట్లాడుతున్నవ్. గదే రాయి."

"వద్దులెండి ఆంటీ."

"రెండైనయ్. ఇంకోటున్నది. సోమవారం సెలవు గదా, మంగళవారం అడుగుత. మంచిగ ఆలోచించుకో" అని తలుపు తీశారు.

మూడు రోజులు ఆలోచించాను. ఆలోచించడమేమిటి, రాసేశాను. లైబ్రరీ మెట్ల మీద పడుకునే పిల్లి గురించి, ఉత్తరం పొలంలో కోత ముగిసిన సాయంత్రం బంగారం రంగు దుమ్ము ఊరంతా కమ్ముకోవడం గురించి. అమ్మకి చదివి తెలుగులో చెప్పాను. "బాగుందే. ముందు ఆంటీకి చూపించు" అంది అమ్మ. నిన్న పడుకునే ముందు చీటీ మీద ‘సరే’ అని రాసి జేబులో పెట్టుకున్నాను.

ఇవాళ పొద్దున్న ఊరి దగ్గరకి వచ్చేసరికి మంచు విడిపోయి, ఎండ సూటిగా అద్దం మీద పడింది. పెద్దాయన చెయ్యి ఎత్తి సన్‌వైజర్ దించారు. చీటీలన్నీ ఆయన మీద రాలాయి. తూనీగ ఆయన టోపీలో పడింది. ఆయన బస్సు పక్కకి ఆపితే, పిల్లలు సీట్ల కింద దూరి ఒక్కొక్కటీ ఏరి ఇచ్చారు. వాళ్ళెవరికీ ఆ లిపి రాదు, అయినా నలగకుండా రెండు చేతుల్తో పట్టుకున్నారు. పెద్దాయన ఏమీ అడగకుండా అన్నిటినీ తిరిగి అక్కడే దోపారు.

సాయంత్రం అమ్మా నేనూ వాళ్ళింటికి వెళ్ళాం. అంకుల్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఊరివాళ్ళు తెచ్చిన గిన్నెలు బల్లనిండా మూతలతో ఉన్నాయి. ఆయన ఏదీ ముట్టుకోలేదు. తలుపు దగ్గర ఒక ముసలావిడ వచ్చి నిలబడింది, చేతిలో యాపిల్ పై. ఆనాటి విందులో ఒక్కసారే అడిగి వెళ్ళిపోయిన రైతు భార్య. ముక్క కోసి అంకుల్ ముందు పెట్టి, కొంచెం తింటారా అంది. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆవిడ వెళ్ళలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని మళ్ళీ అడిగింది. వద్దండీ అన్నారు, తెలుగులోనే. కిటికీ బయట, సగం పీకిన పాదుల మీద ఎండ ఎర్రబడుతోంది. ఆవిడ కొంతసేపు అటే చూసి, చెంచా ఆయన చేతిలో పెట్టి మూడోసారి అడిగింది.

అంకుల్ తిన్నారు.

ఈ కబురు ఊరికి తెలియాలి. రేపు మధ్యాహ్నం పత్రిక పేజీలు కట్టేస్తారు. నేను వెళ్ళకపోతే ఆంటీ గురించి ఆ పత్రికలో ఉండేది పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఎవరికీ తెలియని ఒక పేరు. నన్ను మూడోసారి అడిగేవాళ్ళు ఇక లేరు.

మీ కోసం ఇది తెలుగులో రాసేశాను. పక్కన ఇంగ్లీషు కాగితం ఉంది, పిల్లి మీద రాసింది కొట్టేసి యాపిల్ పై దగ్గర మొదలుపెట్టాను. తప్పులుంటాయి. రేపు పొద్దున్న ఆరు నలభైకి బస్సెక్కుతాను. పెద్దాయన టికెట్ అడగరు. అయినా చీటీ ఆయన చేతికిచ్చి, మిగతావాటి పక్కన పెట్టమంటాను. పట్టాల దగ్గర బస్సు ఆగుతుంది. తలుపు తెరుచుకుంటుంది, మంచు లోపలికి వస్తుంది, అందరం వింటాం. తర్వాత బడి గంట కొట్టకముందే మూడు వీధులు నడిచి పత్రిక ఆఫీసుకి వెళ్తాను. ఎడిటరమ్మ తలెత్తి ఏం కావాలని అడిగేలోపే కాగితం బల్ల మీద పెట్టేస్తాను.