చెరపబాక

మా సారు పోయారన్న కబురు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. అప్పుడు నేను పురసవాక్కంలో మా పాపకు స్కూలు బూట్లు కొంటున్నాను. షాపతను సైజు అడిగేలోపే దండం బొమ్మలు వరసకట్టాయి. రిటైరయ్యాక ఆయనకు ఒక్క ఫోనైనా చేయనివాళ్ళందరూ తలా ఒక దండం పెట్టారు. నేనూ ఒకటి పెట్టి, బూట్లు కొనుక్కుని ఇంటికి వచ్చాను.

నేల కదులుతోందా, కదిలితే ఎంత అని చూడటం ఆయన పని. మన దేశం మొత్తం ఏడాదికి రమారమి మూడు వేళ్ళ వెడల్పున ఈశాన్యానికి జరుగుతూ ఉంటుంది. కాలికి తెలియదు, కంటికి కనబడదు. పల్లావరం దాటాక ఒక గుట్ట మీద, బండరాతిలో, వయసులో ఉన్నప్పుడు ఆయన దిగగొట్టిన స్టీలు మేకు ఉంది. ప్రతి ఫిబ్రవరిలో మూడు రోజులు ఆ మేకుకు సరిగ్గా పైన ముక్కాలి స్టాండు నిలిపి, దాని మీద యాంటెన్నా బిగించి, ఉపగ్రహాల సంకేతాలు పట్టేవాళ్ళం. కిందటేడుకూ ఈ ఏటికీ మేకు ఎంత జరిగిందో, ఎంత లేచిందో, ఎంత దిగిందో వాటిని బట్టి లెక్క తేలేది.

"ఒక తూరి కొలిస్తే అడ్రస్సు మా. ఏటేటా కొలిస్తే దా పయనం" అనేవారు. 'కొలిస్తే దా' అంటే కొలిస్తేనే అని.

ఆయనది చింతాద్రిపేట. తరాలుగా మద్రాసులో పాతుకుపోయిన తెలుగు కుటుంబం. నేను విజయనగరం నుంచి ఉద్యోగానికి వచ్చినదాన్ని. మొదటి రోజు గుట్ట మీద కొలతల షీటులో అంకె తప్పు రాసి రబ్బరు తీశాను. "చెరపబాక మా" అన్నారు. బాక ఏమిటో నాకు తెలియలేదు. బాగా చెరపమంటున్నారేమో అనుకుని ఇంకా గట్టిగా రుద్దాను. కాగితం చిరిగింది.

"వద్దంటే ఇంకా రుద్దుతావే. ఒక గీత కొట్టు, చాలు. గీత కింద తప్పు కనబడాల. పక్కన సరైంది రాయి. తప్పు దాచేవాళ్ళు కొలతకి పనికిరారు."

మంచి మాటలు చెప్పారు కదా అని ఆయన్ని సాధువును చేయను. మహా చిరాకు మనిషి. ఎండకు గొడుగు విప్పితే, "నీ గొడుగు కోసం ఉపగ్రహం పక్కకి పోదు మా" అని మూయించేవారు. పెరుగన్నంలోకి చల్ల మిరపకాయలు తెచ్చుకుని, నాకు ఒక్కటంటే ఒక్కటి ఇచ్చి, మిగతావి తనే తినేవారు. ఒకసారి నన్ను అందరి ముందూ ఏడిపించారు కూడా. కొలత దగ్గర మాత్రం, టేపు పట్టుకుని నేను చదివిన ప్రతి అంకెనూ తిరిగి పైకి చెప్పి, మూడుసార్లు ఒకటే వస్తే తప్ప రాయనిచ్చేవారు కాదు.

మేకు నుంచి యాంటెన్నా అంచు దాకా టేపు పెడితే అది ఏటవాలుగా వస్తుంది. నిలువు ఎత్తు దానికన్నా కాస్త తక్కువ. లెక్కకట్టి వేరే గడిలో రాయాలి. ఆయన సర్వీసులో ఆఖరి ఫిబ్రవరిలో, మొదటి రోజు స్టాండు నిలిపాక, గుట్ట కింద అపార్టుమెంట్లు కడుతున్నవాళ్ళు బండ పగలగొడతామని వస్తే, వాళ్ళతో మాట్లాడటానికి సారు దిగి వెళ్ళారు. నేనొక్కదాన్నే కొలిచాను. ఏటవాలు అంకెనే నిలువు గడిలో వేశాను. ఆయన తిరిగి వచ్చి, నా మీద నమ్మకంతో చూడకుండా సంతకం పెట్టారు.

తేడా సెంటీమీటరున్నర. గుట్ట ఒక్క ఏడాదిలో అంత కుంగినట్టు గ్రాఫు వచ్చింది. మా పెద్దాఫీసరు సారుని ఒక్క మాట అడగలేదు. బోర్లు తవ్వి తవ్వి నేల కుంగిపోతోందని పెద్దవాళ్ళ మీటింగులో ఉపన్యాసం ఇచ్చేశాడు. అక్కడెవరో వేరే కొలతలు చూపించి నవ్వారట. తల దించుకుని తిరిగి వచ్చాడు. వస్తూనే ఎవరిదో ఒక తల కావాలన్నాడు.

నా ప్రొబేషను పూర్తవడానికి నెల ఉంది. కొలతలు ఆగకూడదని సారు ఇంకో రెండేళ్ళు సర్వీసు అడిగిన పొడిగింపు కాగితం అదే పెద్దాఫీసరు బల్ల మీద ఉంది. ఇద్దరినీ పిలిచాడు.

"ఈ షీటు ఎవరు రాశారు?"

"నేనే సార్" అన్నారు సారు.

నేను తొంగి చూశాను. షీటంతా ఆయన చేతిరాతే. ఒక్క కొట్టివేత లేకుండా, తప్పుతో సహా, మొత్తం కొత్త కాగితం మీద ఎక్కించేశారు. బయటికి వచ్చాక, "నోరు తెరవబాక" అన్నారు. ఆయన చెప్పినవాటిలో నేను పొల్లుపోకుండా పాటించింది అదొక్కటే.

నా ఉద్యోగం ఖాయమైంది. ఆయనకు పొడిగింపు రాలేదు. గుట్ట ఫైలు మూసేశారు. తర్వాత ప్రతి ఫిబ్రవరిలోనూ ఫోను చేసేవారు.

"ఈ ఏడన్నా గుట్ట మీదికి పోయినారా మా?"

"లేదు సార్."

"సరిలే. ఆడ మేకైతే ఉంది కదా."

ఉందో లేదో నేను వెళ్ళి చూడలేదు. ఉందనే చెప్పాను.

పదో రోజున చింతాద్రిపేట వెళితే ఆయన భార్య నా చేతిలో ఒక కవరు పెట్టింది. "నీకియ్యమని చెప్పి పెట్టినారు మా. ఈడ తెరవబాక. పోయి నిదానంగా చూసుకో." దాన్ని సంచిలో వేసుకుని నేరుగా ఆఫీసులో సంతాప సభకు వెళ్ళాను. పెద్దాఫీసరు మాట్లాడాడు: "ఆ ఒక్క పొరపాటు తప్పిస్తే మచ్చలేని సర్వీసు." అందరూ తలలూపారు. నేను ముందు వరసలోనే ఉన్నాను. రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. నేను ఆరేళ్ళుగా పాటిస్తున్నాను. అక్కడ నిజం చెప్పలేకపోయినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ పొరపాటు నాది.

ఇంటికి వెళ్ళే రైల్లో కవరు తెరిచాను. ఆయన చించి పారేసి ఉంటారనుకున్న అసలు షీటు. నా చేతిరాత, నేను తోక పెట్టి రాసే ఏడు అంకె. నిలువు ఎత్తు గడిలో నా అంకె మీద పెన్సిలుతో ఒకే ఒక్క గీత, పక్కన సరైన అంకె, దాని పక్కన ఆయన పొట్టి సంతకం. గీత సన్నగా, తిన్నగా ఉంది. దాని కింద నా తప్పు ఇప్పటికీ చక్కగా చదవడానికి వస్తోంది.