శాలిబండ నుంచి ఒక డెమో క్లాసు దాకా

నేను థాయిలాండ్ వెళ్ళింది సముద్రం చూడడానికి కాదు. ఈ ముక్క ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే తిరిగొచ్చాక మా శాలిబండలో అందరూ అడిగింది సముద్రం గురించే.

ఇరవై ఒక్క ఏళ్ళు ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. కిందటేడు దాన్ని ఇంకో కాలేజీలో కలిపేశారు. పాఠాలన్నీ ఇక తెర మీద వస్తాయి, మీరు రిమోట్ నొక్కితే చాలు అంది కొత్త యాజమాన్యం. దాని మీద నా అభిప్రాయం చెప్పాను. ఆ తరువాత మరో రెండు కాలేజీల్లో చేరి అక్కడా అభిప్రాయాలు చెప్పాను. నలభై ఎనిమిదేళ్ళకు, ఈ నగరంలో నన్ను తీసుకునే కాలేజీ ఇక లేదని అర్థమైంది. నాకు వంట అంతంత మాత్రం, కుట్టు అసలే రాదు. క్లాసు ఒక్కటే వచ్చు.

అప్పుడు మా సందు చివరింటి ఖాలిదా ఆపా వచ్చింది. ఆమె కూతురు నస్రీన్ ఒకప్పుడు నా స్టూడెంటు. మూడేళ్ళుగా థాయిలాండ్‌లో ఒక చిన్న ఊళ్ళో పిల్లలకు ఇంగ్లీషు చెబుతోంది. ఇప్పుడు ఏడో నెల. తొలి కాన్పు కాబట్టి పుట్టింటికి రావాలి. నాలుగు నెలలు సెలవు కావాలంటే తన చోట ఒక మనిషిని చూపించమని అక్కడి డైరెక్టర్ అడిగిందట.

“మీకంటె పెద్ద మనిషి యాడ దొరుకుతది టీచరమ్మా,” అంది ఆపా. “జర పోయి రాండ్రి. పిల్ల ఇంటికి రావాలె, దాని నౌకరీ గూడ పోవద్దు.”

నాకు నాలుగు నెలలైనా క్లాసు దొరుకుతుంది. అదయ్యాక, అనుభవం ఉంది కాబట్టి అక్కడే ఇంకో స్కూలు చూసుకోవచ్చు. సరేనన్నాను. డైరెక్టర్ మాత్రం ముందు వచ్చి ఒక డెమో క్లాసు చెప్పి చూపించమందట.

మీలో ఎవరైనా ఇదే దారిన వెళ్ళాలనుకుంటే కాగితాల సంగతి ముందు వినండి. మనలాంటి దేశాల వాళ్ళకు డిగ్రీ ఒక్కటే చాలదు, ఇంగ్లీషు పరీక్ష మార్కులు కూడా చూపించాలి. రెండు దశాబ్దాలు పేపర్లు దిద్దిన నేను అమీర్‌పేటలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాను. ఎవరో ఆడమనిషి హోటల్లో గది బుక్ చేసుకుంటుంటే విని, ఆమెకు కావలసింది కిటికీ పక్క గదే అని టిక్కు పెట్టాను. నాకు ఇంగ్లీషు వచ్చని కొన్నాళ్ళకు కాగితం వచ్చింది. ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఆదివారం ఉదయం ఐదున్నరకు క్యాబ్ ఎక్కాను. చాంద్రాయణగుట్ట మీదుగా ఆరుంబావుకు శంషాబాద్. ఎమిగ్రేషన్ కిటికీలో కుర్రాడు, ఎందుకు వెళ్తున్నారని అడిగాడు. స్కూలు చూడడానికి అన్నాను. స్కూలు చూడడం టూరిజమా అన్నాడు. అది మీరే చెప్పాలి, ముద్ర మీ చేతిలో ఉంది అన్నాను. ముద్ర వేశాడు.

తొమ్మిదింటి విమానంలో నా పక్క సీటు బేగంబజార్ స్టీలు సామాన్ల వ్యాపారిది. అరవై దాటిన మనిషి. బ్యాంకాక్‌లో డబ్బాలూ గిన్నెలూ చూసి రావడానికి ఏడాదికి రెండుసార్లు వెళ్తాడట. నా పని విని నా వైపు తిరిగాడు.

“ఇంగ్లీషు చెప్పనీకి మనమెందుకు పోవాలె మేడమ్? ఇంగ్లీషోళ్ళు లేరా ఏంది?”

“ఉన్నరు. సరిపోతలేరు.”

“గట్ల చెప్పుండ్రి. మాల్ షార్టేజీ,” అని తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు.

అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందు. మధ్యాహ్నం రెండింటికి దిగాను. విమానాశ్రయం నుంచి రైలు, అది దిగి మెట్రో, అది దిగి టాక్సీలో బస్టాండు. నాలుగుంబావుకు వ్యాను దొరికింది, టికెట్టు నూట ఎనభై బాట్లు. పన్నెండు మందిమి మూడు గంటలు ప్రయాణం చేశాం, ఒక్కరూ ఒక్క మాట మాట్లాడలేదు. మన సెట్విన్ బస్సులో పెరిగిన మనిషికి అది కొంచెం భయం కలిగించే విషయం. మాంసం ముట్టనివాళ్ళు అక్కడ ‘జే’ అన్న ఒక్క మాట నేర్చుకుంటే చాలు. పసుపుపచ్చ జెండా కట్టిన దుకాణంలో ఆ మాట అంటే అన్నమూ టోఫూ కూరా పెడతారు. నేను మూడు రోజులు ఆ మాట మీదే బతికాను.

ఊరి పేరు రాయడం లేదు. అక్కడ అలాంటి స్కూలు ఒక్కటే ఉంది.

నస్రీన్ వ్యాను దగ్గరికే వచ్చింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూసి, తన గదికి వెళ్ళేదాకా సూచనలు ఇచ్చింది. గొంతు పెంచొద్దు. వేలు చూపించొద్దు. ఎవరేమన్నా నవ్వాలి.

“ఏమన్ననా?” అన్నాను.

“ఏమన్న గూడ మేడమ్. మీ మొఖం గిట్ల పెట్టకుండ్రి.”

“ఇది నా మామూలు మొఖమే.”

“గదే చెప్తున్న.”

సోమవారం ఎనిమిదింటికి స్కూలు. వరండాలో నాతోపాటు డెమోకు వచ్చిన ఇంకో అభ్యర్థి ఉన్నాడు. గాబోర్ అని హంగరీ అబ్బాయి, పాతికేళ్ళు, బంగారు జుట్టు, గిటారు. పక్క ఊరి స్కూల్లో మొన్నటిదాకా పనిచేశాడు. ఇంగ్లీషు తన భాష కూడా కాదని, తనూ బళ్ళోనే నేర్చుకున్నానని దాపరికం లేకుండా చెప్పాడు. మార్కుల కాగితం అతన్నీ అడుగుతారట, కాని నవ్వుతూ అడుగుతారట. “మీరు టీచర్, నేను స్కూలు గేటు మీది పోస్టర్ని,” అన్నాడు. మంచి పిల్లాడు. తిట్టడానికి ఏమీ దొరకలేదు.

పది గంటలకు అతని క్లాసు. కన్ను, ముక్కు, చెవి అంటూ గిటారు మీద పాట. తొమ్మిదేళ్ళ పిల్లలు నలభైమంది గెంతారు. గోడ పక్కన కూర్చున్న డైరెక్టర్, దాదాపు నా వయసు మనిషి, కాలితో తాళం వేసింది.

తరువాత నేను. నాది పాతబస్తీ పద్ధతి. తప్పు చెబుతాను, పిల్లలు పట్టుకోవాలి. శాలిబండలో చార్మినార్‌కి మూడు మినార్లు అన్నానంటే క్లాసు క్లాసంతా నా మీద పడేది. ఆ లొల్లిలోనే వాళ్ళకు తెలియకుండా ఇంగ్లీషు వాక్యాలు పుట్టేవి. ఇక్కడ గొడుగు ఎత్తి పట్టుకుని, ఇది అరటిపండు అన్నాను. నలభైమందీ శ్రద్ధగా విన్నారు. పుస్తకంలో గొడుగు బొమ్మ గీసి, కింద ఇంగ్లీషులో అరటిపండు అని రాసుకున్నారు. నా హ్యాండ్‌బ్యాగులో ఏనుగుంది అన్నాను. అదీ రాసుకున్నారు.

ఇచ్చిన అరగంటలో పది నిమిషాలు అలా పోయాయి. నస్రీన్ పుస్తకాలు సర్దుతున్నట్టు నా పక్కకు వచ్చింది.

“మేడమ్, ఈడ టీచర్‌ను తప్పని ఎవ్వరు అనరు. ఆఖరికి నేను గూడ అంటలేను.”

నస్రీన్ కూడా అనడం లేదంటే పరిస్థితి అర్థమైంది. ఇంటర్లో రోజుకు నాలుగుసార్లు అనేది.

టీచర్ని తప్పనకూడదు సరే, టీచర్ అనొచ్చు కదా. ముందు బెంచీలోని ఒక పాపను లేపి మార్కర్ చేతికిచ్చాను. నా కళ్ళజోడు తీసి ఆమెకు పెట్టాను. ఆమె కుర్చీలో నేను కూర్చున్నాను, మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. చెయ్యెత్తి, టీచర్, ఇది అరటిపండు అన్నాను. పాప గొడుగును చూసింది, నన్ను చూసింది, గోడ పక్కనున్న డైరెక్టర్ను చూసింది. కళ్ళజోడు పైకి తోసుకుని, చాలా మెల్లగా “నో” అంది.

నేను ఒప్పుకోలేదు. అరటిపండే అన్నాను. ఈసారి గట్టిగా అంది. మూడోసారికి పూర్తి వాక్యం వచ్చింది. అందులో చిన్న తప్పుంది కాని నేను దిద్దలేదు, దిద్దే అధికారం అప్పుడు ఆమెది. తరువాత ఒక అబ్బాయి కళ్ళజోడు అడిగాడు. అరగంట అయ్యేసరికి టీచర్ కావడానికి పదహారుమంది వరసలో నిలబడ్డారు. ఏనుగు నా బ్యాగులో ఎందుకు పట్టదో ఒక్కొక్కరూ వచ్చి నాకు చెప్పి వెళ్ళారు. పక్క క్లాసు టీచర్ తలుపు దగ్గరికి వచ్చి చూసింది. చాలా రోజుల తరువాత నాకు ఇంట్లో ఉన్నట్టనిపించింది.

పన్నెండింటికి డైరెక్టర్ తన గదికి పిలిచి టీ ఇచ్చింది. నస్రీన్‌ను పిలవలేదు. ఇంగ్లీషు తడుముకుంటూనే చెప్పినా విషయం స్పష్టంగా చెప్పింది. నాలుగు నెలల కోసమైతే గాబోర్ చాలు, అతని కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. ఆ తరువాత అతను దేశాలు తిరగడానికి వెళ్ళిపోతాడు. నా కోసం వీసా అదీ చేయించాలంటే ఏడాదికి తక్కువ పెట్టుకోరు. ఏడాది కాదు, రెండేళ్ళు రాసిస్తాను అంది. మీ క్లాసులాంటిది నేను చూడలేదు అంది.

నాకు వినాలని ఉన్న మాటలు అవే. మరి నస్రీన్ తిరిగొస్తే అని అడిగాను.

డైరెక్టర్ ఎంతో దయగా నవ్వింది. తల్లికి బిడ్డతో చాలా పని ఉంటుంది, నస్రీన్ విశ్రాంతి తీసుకోవచ్చు అంది. భారతీయ టీచర్ ఉద్యోగం స్కూల్లో ఒకటే ఉందట.

ఒప్పందం కాగితం నా ముందుకు జరిపింది. అందులో నా పేరు ఉంది, వారానికి ఇరవై రెండు క్లాసులు ఉన్నాయి. చదివి తిరిగి ఆమె ముందు పెట్టాను.

“వద్దు,” అన్నాను. ఇంగ్లీషులోనే అన్నాను, నవ్వకుండా అన్నాను. నస్రీన్ పేరుమీద నాలుగు నెలల తరువాత చేరే తేదీతో కాగితం రాసి ఆమె చేతికిమ్మన్నాను, అలా అన్నప్పుడు వేలు కూడా చూపించినట్టు గుర్తు. డైరెక్టర్ చాలాసేపు నవ్వుతూనే ఉంది. ఈ మాటలు మన ఇద్దరి మధ్యే ఉండాలి అన్నాను. దానికి మాత్రం వెంటనే తలూపింది.

మంగళవారం గాబోర్ చేరాడు. సాయంత్రానికి నస్రీన్ చేతికి కాగితం వచ్చింది, తేదీతో సహా. విమానం ఎక్కవచ్చని నస్రీన్‌కు డాక్టర్ రాసిచ్చిన చీటీతో బుధవారం ఇద్దరం ఒకే విమానంలో బయలుదేరాం.

విమానం లేచేదాకా నస్రీన్ ఆపుకుంది. బెల్టు దీపం ఆరగానే మొదలుపెట్టింది.

“క్లాసు గంత మంచిగ చెప్పిండ్రు. పిల్లలు మిమ్మల్నే అడుగుతున్నరు. మీ టీచర్ మస్తు గట్టి మనిషి అన్నది డైరెక్టర్. నిజం చెప్పుండ్రి మేడమ్, ఆమెతోని కొట్లాడిండ్రా?”

“కొట్లాడిన.”

“గంత చెప్పిన గదా, నవ్వుమని. ఇగ మీకు నౌకరీ ఎవరిస్తరు? మీ నోరే మీకు దుష్మన్ మేడమ్.”

అందులో కాదనడానికి ఏమీ లేదు.

ఈ యాత్ర గురించి నేను చెప్పగలిగింది ఇది. ఇంగ్లీషు మన భాష కాకపోయినా పరాయి దేశంలో చెప్పుకుని బతకవచ్చు. కాగితాలు సరిగ్గా ఉండాలి, ‘జే’ అనడం రావాలి, వ్యానులో నోరు మూసుకోవాలి. పిల్లలు ఎక్కడైనా పిల్లలే, కాదనే అవకాశం ఇస్తే వదలరు. అలాంటి క్లాసు ఒకటి అరగంట దొరికింది. ఇంకోటి ఎక్కడ దొరుకుతుందో ఇప్పటికి తెలియదు.

నస్రీన్ నన్ను సముద్రం దాటేదాకా తిట్టింది. తరువాత ఆ కాగితం పాస్‌పోర్టులో మడిచి పెట్టుకుని, శంషాబాద్ వచ్చేదాకా నా భుజం మీద తల పెట్టి పడుకుంది. మధ్యలో టీ వచ్చింది. చెయ్యి కదపాల్సి వస్తుందని వద్దన్నాను.