తాతయ్య మందు, సేఠ్ డబ్బా

నా చిన్నప్పుడు, 1957 జూన్ రెండో తేదీ ఆదివారం ఉదయం పావు తక్కువ ఏడింటికి, మా తాతయ్యకు అసూయ పుట్టింది. జ్వరం ఎప్పుడు తగిలిందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ఒళ్లునొప్పులు ముందా, దగ్గు ముందా అని ఇంటిల్లిపాదీ వాదించుకుంటారు. అసూయ పుట్టిన క్షణాన్ని మాత్రం నేను కళ్లారా చూశాను. అప్పుడు నాకు పదేళ్లు. సూరత్ ఊరి బయట వడోద్ పొలాల గట్టు మీద, చేతిలో తెల్లగుడ్డ పీలికలు పట్టుకుని నిలబడి ఉన్నాను.

మా తాతయ్య కరీంనగర్ వైపు అడవి అంచు పల్లె నుంచి సూరత్ వచ్చి, కూలికి మగ్గం నేసేవాడు. పల్లెలో మక్కచేలలోకి దిగే అడవిపందులను బెదరగొట్టడానికి పాతకాలపు తుపాకులు ఉండేవి. మూతిలోంచి మందు పోసి, గుడ్డ కూరి, పేల్చే రకం. వాటికి కావలసిన నల్లటి తుపాకి మందును మా తాతయ్య తండ్రి చేసేవాడట. ఆయన దగ్గర తాతయ్య నేర్చుకున్నాడు. ఎలా చేసేవాడో నేను రాయను. నన్ను ఆ దరిదాపులకు రానిచ్చేవాడు కాదు, రానివ్వకపోవడమే మంచిదైంది.

మా గల్లీ చివర మేడ ఇంట్లో ఒక పార్సీ పెద్దాయన ఉండేవారు. గల్లీ అంతా ఆయన్ను బావాజీ అనేది. మా తాతయ్య ఒక్కడే సేఠ్ అనేవాడు, ఆయన తాతయ్యను మేస్త్రీ అనేవారు. పత్తి మిల్లులో పెద్ద ఉద్యోగం చేసి మానేసిన మనిషి. తాతల నాటి తుపాకి ఒకటి, దానికి సర్కారు పరవానా ఆయన దగ్గర ఉండేవి. పేల్చడం తెలిసినవాళ్లే లేరు. ఆ సంగతి తాతయ్య చెవిన పడింది. అలా మొదలైన స్నేహం నేను చూసేనాటికి పన్నెండేళ్లది. ప్రతి ఆదివారం ఇద్దరూ వడోద్‌కు నడిచివెళ్లేవారు. అప్పటికి వడోద్ అంటే జొన్నచేలు, తుమ్మకంపలు. అక్కడి రైతుకు పిట్టలు లేచిపోతే చాలు, వీళ్లకు చప్పుడు వింటే చాలు. గుండు ఎప్పుడూ పెట్టలేదు.

నేను వాళ్లతో వెళ్లేది పీలికల కోసం. ఒక్కో దెబ్బ పేల్చాక, తడి గుడ్డ పీలికను గొట్టంలోకి కడ్డీతో తోసి తీసేవారు. మసి ఎంత తక్కువగా అంటితే మందు అంత మంచిది. ఆ పీలికలను వరసగా తుమ్మకంప మీద ఆరేయడం నా పని. నేత మనిషి కాబట్టి తాతయ్య రంగు తేడాను పసిగట్టే తీరు వేరుగా ఉండేది. నిన్నటి నలుపుకూ ఇవాళటి నలుపుకూ మధ్య ఆయనకు మూడు రంగులు కనిపించేవి.

ఆ ఆదివారం సేఠ్ సంచిలోంచి ఎర్ర రేకు డబ్బా తీశారు. దుకాణంలో కొన్న మందు.

"బజార్ కా మాల్ హై, మేస్త్రీ. జర దేఖేంగే?"

"దేఖో సేఠ్, దేఖో. డబ్బ అయితే మస్తుగున్నది. లోపల సరుకేందో సూద్దాం" అన్నాడు తాతయ్య నవ్వుతూ.

ముందు తాతయ్య మందు పేల్చారు. తర్వాత డబ్బా మందు. రెండో చప్పుడు గట్టిగా, ఒక్క ముక్కగా వినిపించింది. నేను రెండు పీలికలనూ పక్కపక్కన ఆరేశాను. తాతయ్యది బొగ్గులా ఉంది. డబ్బాది చాయ వడగట్టిన గుడ్డలా ఉంది. తాతయ్య రెండో పీలికను వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, మళ్లీ కంప మీద వేశాడు. నవ్వు ముఖం మీద అలాగే ఉంది, కళ్లలోంచి మాత్రం పోయింది. పావు తక్కువ ఏడు అన్నది సేఠ్ జేబు గడియారం. ఎండ ఎక్కకముందే వెళ్దామని ఆయన అప్పుడే దాన్ని తీసి చూశారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో డబ్బా మాట తప్ప మరో మాట లేదు. ఊరంతా కొత్త జ్వరం. ఫ్లూ అంటున్నారు, ఇంటికి ఇద్దరు మంచాన పడుతున్నారు, మా బడి మూసేశారు. మా గల్లీలో సగం మగ్గాలు ఆగిపోయాయి. తాతయ్యకు ఇవేమీ పట్టలేదు.

"దుకాన్ల మందుకు మనిషి చెయ్యి తగల్ది. చెయ్యి తగలని వంట తింటవానే నువ్వు?" అని మా బాపమ్మను అడిగేవాడు. బాపమ్మ అంటే తాతయ్య భార్య, మా నాన్నను కన్నతల్లి.

"మంచిగుంటె తింట" అనేది బాపమ్మ. "నాకు సవతి లేదన్న లోటుండె. ఇగో, గీ డబ్బ రూపంల దొరికింది. పొద్దుగాల లేస్తె దాని ముచ్చటనే."

నాకు మాత్రం డబ్బా మీద కోపం లేదు. నా కోపం సేఠ్ మీద. అంతకుముందు తాతయ్య వారమంతా నావాడు, ఆదివారం మాత్రం ఆయన మనిషి. ఇప్పుడు ఏడు రోజులూ ఆయన మనిషే అయిపోయాడు. నాకు కథ చెబుతూ మధ్యలో ఆగి, "గా చప్పుడు యాదికుందా బిడ్డా, గట్టిగున్నదా నిజంగ?" అని అడిగేవాడు. లేదు తాతా, నీదే గట్టిగుంది అని అబద్ధం చెప్పేదాన్ని. నమ్మేవాడు కాదు.

కొత్తగా మందు చేశాడు. మగ్గం గుంజకు వేలాడే ఎండు సొరకాయ బుర్రలో పోసుకున్నాడు. మరుసటి ఆదివారం అది మరీ ఘోరంగా ఓడింది. పేలడానికి బదులు పిల్లి తుమ్మినట్టు చీదింది. సేఠ్ ఏమీ అనలేదు. బుర్రలోంచి రాలిన మందు పలుకులను రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, చేయి తుడుచుకున్నారు. ఆ ఏమీ అనకపోవడమే తాతయ్యను కాల్చింది.

ఆ వారంలోనే గల్లీ పెద్దలు మా గుమ్మానికి వచ్చారు. మందు పొగ చెడుగాలిని తరుముతుందని అప్పట్లో ఒక నమ్మకం. పొగతో జ్వరం పోదని ఇప్పుడు నాకు తెలుసు, అప్పుడు ఎవరికీ తెలియదు.

"మామా, మీ తుపాకి పొగ జర మన గల్లీ మూతికి గూడ సూపెట్టరాదుండ్రి. పొలాలకేం జరమొచ్చిందని ఆడ పేలుస్తున్నరు?" అన్నాడు ఒకాయన. అందరూ నవ్వారు. తాతయ్య నవ్వలేదు.

"ఆదివారం పొద్దుమూకెటాల్లకు పేలుస్తం. సేఠ్ మందు ఒక దెబ్బ, నా మందు ఒక దెబ్బ. నాది గన్క ఓడితె ఈ బుర్ర మీ ముంగట్నే పలగ్గొడ్త. మల్ల జన్మల మందు ముట్ట."

బాపమ్మ చేతిలో చేట ఆగిపోయింది. సూరత్‌లో మగ్గం మాది కాదు, ఇల్లు మాది కాదు, నేసిన బట్ట మాది కాదు. తాతయ్యకు తనదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క విద్యే.

బుధవారం మధ్యాహ్నం గుంజ మీద బుర్ర లేదు. బాపమ్మను అడిగితే ముఖం తిప్పకుండా బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. తాతయ్య గల్లీలోకి వచ్చి తల పైకెత్తాడు. సేఠ్ మేడ మీద ఇత్తడి తాంబాళం తళతళ మెరుస్తోంది. తాతయ్య మెట్లు ఎక్కాడు, వెనకే నేను. సేఠ్ బనీను మీద, నల్ల గొడుగు నెత్తిన పట్టుకుని ఎండలో కూర్చున్నారు. గొడుగు ఆయనకు, ఎండ తాంబాళానికి. తాంబాళంలో తాతయ్య మందు పలచగా పరిచి ఉంది. పక్కన బుర్ర, ఒక మైనం ముద్ద.

"ఏం కలుపుతున్నవ్ సేఠ్ నా దాంట్ల?"

"కుఛ్ నహీ, మేస్త్రీ."

"ఏం లేకపోతె మైనమెందుకు? గొడుగెందుకు? దోస్తని నమ్మి ఇల్లు బార్లా పెట్టుకుంటె బుర్రెత్తుకొస్తవా? చోర్!"

సేఠ్ ముఖం ఎర్రబడింది. ఆ తర్వాత మందును మెల్లగా బుర్రలోకి ఒంపి, బిరడా పెట్టి, చుట్టూ మైనం అదిమి తాతయ్య చేతికిచ్చారు. "ఇత్వార్ కో ఫోడ్‌నా. గాలీ ఉస్‌కే బాద్ దేనా" అన్నారు. ఆదివారం పేల్చు, తిట్లు ఆ తర్వాత తిట్టు అని.

మెట్లు దిగుతున్నప్పుడు తాతయ్య వణుకుతున్నాడనుకున్నాను. కాదు, సంతోషం. "దొరికిండు బిడ్డా, దొరికిండు" అన్నాడు. ఆ మూడు రోజులూ గల్లీలో ఎదురుపడిన ప్రతివాడితో, "ఆదివారం నా మందు పేలది, సూడు. ఎందుకు పేలదో అప్పుడు జెప్త" అని చెప్పుకుంటూ తిరిగాడు. రెండు వారాలుగా సరిగా తినని మనిషి కడుపునిండా తిన్నాడు.

"నీ మందు పేలదని గింత సంబరమా?" అంది బాపమ్మ. ఆ మాట ఆయన చెవికి ఎక్కలేదు.

ఆదివారం సాయంత్రం గల్లీ మూతి దగ్గర జ్వరం లేనివాళ్లు, తగ్గినవాళ్లు, ముక్కులకు గుడ్డలు కట్టుకున్నవాళ్లు అందరూ చేరారు. ముందుగా సేఠ్ తన డబ్బా మందు పేల్చారు. బాగానే పేలింది. పీలిక చాయరంగులో వచ్చింది. తర్వాత తాతయ్య మైనం గీకి, మందు పోసి, గుడ్డ కూరి, తుపాకి ఆకాశంకేసి ఎత్తాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. దేవుడికి మొక్కుతున్నాడని వెనక ఎవరో అన్నారు. పీలిక పట్టుకుని నేను ఆయన మోచేతి దగ్గరే ఉన్నాను. "పేలొద్దు, పేలొద్దు, పేలొద్దు" అంటున్నాడు.

పేలింది. అలాంటి చప్పుడు నేను వడోద్‌లో కూడా వినలేదు. నాలుగు మేడల మీది పావురాలు ఒక్కసారి లేచాయి. పొగ తెల్లగా, దట్టంగా, దూది ఏకినట్టు గల్లీ అంతా పరుచుకుంది. మొదట చప్పట్లు కొట్టింది సేఠ్. "వాహ్ మేస్త్రీ! వాహ్!" నేను పీలిక తోసి తీసి పైకెత్తి చూపించాను. డబ్బా పీలిక కంటే ఒక పిసరు తక్కువ మసి. జనం అరిచారు. గెలిచిన మనిషి మాత్రం తుపాకి చేతిలో పట్టుకుని, నట్టింట్లో దొంగలు పడ్డవాడిలా నిలబడిపోయాడు.

ఇంటికి వచ్చాక బాపమ్మ చెప్పింది. ఆ ఏడు ఉగాది తర్వాత మేము మగ్గం ఉన్న గదిలోకే కాపురం మార్చాం. పోగు తెగకుండా రోజూ నేల తడుపుతాం, గోడల మీద కూడా నీళ్లు చల్లుతాం. పోగుకు తడి కావాలి, మందుకు పొడి కావాలి. పాత ఇంట్లో బుర్ర పొయ్యికి దూరంగా, పొడి అటక మీద ఉండేది. ఇక్కడ తడి గుంజకు వేలాడింది. నేతపని చేసే చేతులే మందును పాడు చేశాయి. సేఠ్ పలుకులు నలిపినప్పుడు ఆ తడి కనిపెట్టి, బాపమ్మను అడిగి బుర్ర తీసుకెళ్లి ఎండబెట్టారు, మళ్లీ తడి ఎక్కకుండా మైనం అదిమారు. చెబితే తాతయ్య ఇవ్వడని, ఓడడానికైనా సిద్ధపడతాడు గానీ సేఠ్ సాయం తీసుకోడని వాళ్లిద్దరికీ తెలుసు.

"పోయి ఒక్క మాట అను, అయిపోతది" అంది బాపమ్మ.

ఆయన వెళ్లలేదు. దొంగ అని తిట్టినందుకు సిగ్గుపడి వెళ్లలేదని చాలా ఏళ్లు అనుకున్నాను. సిగ్గు కొంతే. ఓడినప్పటి కంటే గెలిచాక ఆయన అసూయ ఎక్కువైంది. మందు విషయంలో సేఠ్‌ను గెలవొచ్చు, మంచితనంలో ఎట్లా గెలుస్తాడు?

తర్వాతి ఆదివారం తెల్లవారగానే సేఠ్ గుమ్మం ముందుకొచ్చి, "చలో మేస్త్రీ!" అని కేకేశారు. తాతకు జ్వరమని చెప్పమని నన్ను పంపాడు తాతయ్య. చెప్పాను. గంటలో సేఠ్ ఇంటి నుంచి పుదీనా, నిమ్మగడ్డి వేసి కాచిన చాయ చెంబుతో వచ్చింది. తాతయ్య దాన్ని చూడనైనా చూడలేదు. తియ్యగా ఉంది, నేను తాగాను. ఆ తర్వాత ఇంకో రెండు ఆదివారాలు వచ్చారు. కేక వినపడకుండా తాతయ్య మగ్గం ఆపకుండా ఆడించేవాడు. నాలుగో ఆదివారం ఎవరూ రాలేదు. రెండేళ్లకు ఆయన బొంబాయిలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. తుపాకి ఏమైందో తెలియదు.

ఇక ఏడు రోజులూ తాతయ్య నావాడే అయ్యాడు. నాకు కావలసింది నాకు దొరికింది. కానీ ఆ తాతయ్య ఆదివారాల్లో మాట్లాడేవాడు కాదు.

ఇప్పుడు నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. కుట్టుపని నేర్చుకుని చాలా ఏళ్లు ఆడపిల్లలకు నేర్పాను. నా కంటే బాగా కుట్టే చెయ్యి కనిపించినప్పుడల్లా కడుపులో మంట పుట్టింది. పుట్టలేదంటే అబద్ధం. మంట పుట్టడం నా చేతిలో లేదు. ఒక్కటే చూసుకుంటాను. నా కుట్టు బాగుండాలనుకుంటున్నానా, ఆమె దారం తెగాలనుకుంటున్నానా? మొదటిదైతే కూర్చుని కుడతాను. రెండోదైతే సూది పక్కన పెట్టి లేస్తాను, ఆమె ఇంటికి వెళ్లి, ఆమె కుట్టు బాగుందని నా నోటితో చెప్పి వస్తాను. నోరు రాదు. అయినా చెప్పి వస్తాను.

ఆ వానాకాలం లెక్క ఇది. జ్వరానికి మా ఇంట్లో ఎవరూ పోలేదు. సేఠ్ ఇంట్లో ఎవరూ పోలేదు. బుర్రలో మిగిలిన మందు మళ్లీ తడికి పాడైపోయింది. పన్నెండేళ్ల స్నేహం ఒకటి పోయింది.