తువ్వాలు కట్టుకుని బిగించిన సిలిండరు

పదిహేడేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఎంత బరువని అడిగితే ఇట్టే చెప్పగలను. కిలోకి కాస్త తక్కువ. చెట్లు కోసే పాత మోటారు రంపంలో సిలిండరు అంతే తూగుతుంది. చేతిలో పట్టుకుంటే ఏమీ అనిపించదు. మనసులో పెట్టుకుంటే మాత్రం, ఏ పనిలో ఉన్నా ఎక్కడో ఒక మూల తగులుతూనే ఉంటుంది.

నా పేరు చెప్పను. అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకి వెళ్లే దారిలో, టీ దుకాణాన్ని ఆనుకుని ఉన్న షాపు నాది అంటే కొందరు ఎలాగూ పోల్చేస్తారు. పోల్చుకోనివ్వండి. మీకు ముందే ఒక సంగతి చెప్పడం న్యాయం. నా షాపుకి వచ్చేవాళ్లు చెట్లు కోస్తారు, నేను కోతలు కోస్తాను. ఒకసారి పెట్రోలు అయిపోతే రంపంలో చెరుకురసం పోసి నడిపానని, రాలిన రంపపు పొట్టుకి సబ్బవరం దాకా చీమలు బారులు తీరాయని చెప్పింది నేనే. ఇంకోసారి చింతచెట్టుని ఎంత వేగంగా కోశానంటే, కొమ్మ మీది కాకి చెట్టు పడిపోయిందని తెలియక కాసేపు గాల్లో అలాగే కూర్చుందని చెప్పింది కూడా నేనే. టీ బల్ల మీద కూర్చున్నవాళ్లు నవ్వుతారు. వాళ్లు నవ్వితే నాకు ఆకలి వెయ్యదు. ఇదొక జబ్బు.

ఇప్పుడు చెప్పబోయేది కోత కాదు.

పాత రంపాలంటే నాకు ప్రాణం. ఇప్పుడొచ్చేవి తేలిగ్గా ఉంటాయి, రంగురంగుల ప్లాస్టిక్కు. పాతవి ఇనుమూ అల్యూమినియమూ. రేకు మీద పేరు చెరిగిపోయినా, రంగు ఊడిపోయినా, నట్ల వరస చూసి, పోత మీద వేలు పెట్టి రాసి, ఇది ఏ దేశానిదో, ఏ తరానిదో చెప్పేస్తాను. ఇది మాత్రం నిజం. ఒకదానికి కార్బురేటరు దొరక్కపోతే ఇంకోదాన్నుంచి తీసి పెడతాను. చచ్చిన రెండింటిలోంచి బతికిన ఒకటి చేస్తాను. తాడు లాగగానే అది దగ్గి, చీది, ఒక్కసారిగా గర్రుమంటుంది చూడండి, ఆ క్షణంలో నాకంటే సంతోషంగా ఉన్న మనిషి ఈ జిల్లాలో ఉండడు.

పదిహేడేళ్ల కిందట, దసరాకి పది రోజుల ముందు, ఒకే వారంలో రెండు రంపాలు వచ్చాయి. రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడలు. ఎన్నో ఏళ్ల కిందట మూతబడిన కలప డిపో ఒకటి పాత సామాను వదిలించుకున్నప్పుడు బయటికొచ్చిన జత అది. ఒకటి సబ్బవరం దగ్గరి సన్యాసినాయుడిది. మామిడి, చింత కొడతాడు, ఏటికొప్పాక బొమ్మల వాళ్లకి అంకుడు కర్ర వేస్తాడు. రెండోది రాంబిల్లి అప్పలరాజుది. సరుగుడు తోటల్లో పని. ఇద్దరూ నన్ను బావా అంటారు. ఒకరినొకరు మాత్రం ఏమంటారో ఇక్కడ రాయలేను. పనిదగ్గర పోటీ. ఎవరి రంపం గొప్పదన్న గొడవ.

సన్యాసినాయుడి రంపం వాళ్ల నాన్నది. ఆయన ఆ ఏడాదే పోయాడు. చిన్నప్పుడు సన్యాసి ఇంటి అరుగు మీద కూర్చుని, ఊరి బయట రంపం మోత వినిపిస్తే, ‘అదిగో నాన’ అనేవాడట. ఆ మోతకో గుర్తుంది. గర్రుమనే చప్పుడు మీద సన్నటి ఈల. అదెందుకో నాకు తెలుసు. ఒకసారి ఆయన చెట్టు మీంచి రంపాన్ని జార్చేశాడు. సిలిండరు చల్లబడడానికి చుట్టూ రేకుల్లా రెక్కలుంటాయి కదా, అందులో మూడో రెక్క సగం విరిగింది. మిగిలిన సగం ఇంజను ఆడినప్పుడల్లా కంపించి పాడేది. పైన కవరు ఉంటుంది గనక విప్పితే తప్ప కనబడదు. విప్పేది నేనొక్కణ్ణే.

రెండిటినీ ఒకే రోజు విప్పాను. అది తప్పు కాదు. రెండిటి సామానూ ఒకే టబ్బులో కిరసనాయిల్లో వేసి కడిగాను. అది తప్పే, కానీ బద్ధకం వల్ల చేసిన తప్పు. అసలు తప్పు ఆ తరవాతిది.

టీ బల్ల నిండుగా ఉంది ఆ రోజు. నేను మంచి ఊపు మీదున్నాను. ఎవడో అన్నాడు, ‘కళ్లు మూసుకుని కూడా బిగించేత్తావేటి బావా?’ అని. అలా అడగకూడదు నన్ను. మెడలో తువ్వాలు తీసి కళ్లకి కట్టుకున్నాను. టబ్బులో చెయ్యి పెట్టాను. పిస్టను, రింగులు, సిలిండరు, సైలెన్సరు, ఒక్కొక్కటే తడుముకుంటూ, మధ్యమధ్యలో కాకి కథ చెబుతూ, రెండు రంపాలూ బిగించాను. రెండూ స్టార్టయ్యాయి. బల్ల మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. టీ కొట్టు ఆయన నా టీకి పంచదార రెట్టింపు వేశాడు. నా జీవితంలో జరిగిన ఒకే ఒక్క నిజమైన గొప్ప కథ అది. ఊరంతా నమ్మిన కథ కూడా అదే.

అయితే రెండో రంపం తాడు లాగిన క్షణంలోనే నాకు తెలిసిపోయింది. ఈల కుడి పక్కనుంచి, అప్పలరాజు రంపాన్ని పెట్టుకున్న వైపు నుంచి వస్తోంది.

తువ్వాలు ఇంకా కళ్లకే ఉంది. విప్పలేదు. చప్పట్లు వినబడుతున్నాయి. వేళ్లకి ఆ విరిగిన రెక్క తగలలేదా అని మీరు అడగొచ్చు. తగిలే ఉంటుంది. నేనప్పుడు కాకిని గాల్లో కూర్చోబెట్టే పనిలో ఉన్నాను. పోనీ, మళ్లీ విప్పి మార్చడానికి ఎంతసేపు పడుతుంది? రెండు గంటలు. వాళ్లు వచ్చేది సాయంత్రం. టైము ఉంది. పానాలున్నాయి. చేతులున్నాయి. మరెందుకు విప్పలేదు? ఎన్నిసార్లు అడుక్కున్నానో నన్ను నేను. విప్పితే బల్ల మీద వాళ్లు చూస్తారు, ‘ఏటి బావా, తప్పేటి?’ అంటారు. అంతే. అంత చిన్న కారణం. ఒక మనిషి నాన్న గొంతు తీసి ఇంకొకడి చేతిలో పెట్టింది, ఆ చిన్న నవ్వుకి జడిసి.

సాయంత్రం సన్యాసి వచ్చాడు. తాడు లాగాడు. రంపం చక్కగా ఆడింది. నిజానికి ముందుకంటే బాగా ఆడింది. అతను చెవి ఒగ్గి విన్నాడు. ఆపాడు. మళ్లీ లాగాడు.

“బావా, ఇది మా నాన మిషను గొంతు కాదు.”

“ఏటలగంటావు? మీ నానదే. రేకు సూడు, నంబరు సూడు.”

“నంబరు అదే. గొంతే కాదు. ఈల్లేదు.”

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. బయటికొచ్చింది వేరే.

“మిషనుకీ వయసొత్తాది బావా. పదారేళ్లొచ్చేక నీ గొంతు మారలేదేటి? ఇదీ అంతే. ఇన్నాళ్లూ సిన్నపిల్లాడి గొంతు, ఇప్పుడు మగాడి గొంతు. సంతోషించు.”

బల్ల పగలబడి నవ్వింది. సన్యాసి కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. “నీకు దండం బావా” అని రంపం భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నేను గెలిచాను. ఆ రాత్రి అన్నం సహించలేదని చెబితే అది కోత అవుతుంది. బాగానే తిన్నాను. బరువు మర్నాటి నుంచి మొదలైంది.

ఆ ఏడాది నుంచీ మా షాపు ముందు ఒక ఆనవాయితీ పడింది. ఆయుధపూజ రోజు రంపాలన్నిటికీ పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాక, ఒక లావుపాటి సరుగుడు దుంగ అడ్డంగా వేస్తాం. సన్యాసి, అప్పలరాజు చెరో కొసనా నిలబడి కోస్తారు. ముందు ముక్క రాలినవాడి రంపానికి బంతిపూల దండ. ఇద్దరి మేనల్లుళ్లూ, చెల్లెళ్లూ, బెల్లం కొట్లలో మూటలు మోసే కళాసీలూ అంతా చేరి కేకలు. “నీదో మిషనేటి, గేదె తుమ్మినట్టుంటాది” అంటాడు అప్పలరాజు. “నీది ఈలేత్తాది, ఆడపిల్లల ఎనకాల తిరిగినోడిలాగ” అంటాడు సన్యాసి. అప్పలరాజు గేదె తుమ్మన్నది తన సిలిండరునే. సన్యాసి వెక్కిరించింది తన నాన్న గొంతునే. మధ్యలో దండ పట్టుకుని నిలబడిన నాకు నవ్వు ఆగేది కాదు. ఆ నవ్వులోనే ఏదో గుచ్చుకునేది.

ఎక్కువసార్లు అప్పలరాజే గెలిచేవాడు. ఎందుకో చాలాకాలం నాకు తట్టలేదు. సన్యాసి సగం కోసి, ఒక్క క్షణం చెయ్యి సడలించేవాడు. తల అటు తిప్పేవాడు. ఓ ఏడాది అడిగితే, “ఏటో బావా, ఆడి మిషను ఇంటుంటే అరుగు మీద కూకున్నట్టుంటాది. అందుకే ఆడంటే నాకు మంట” అన్నాడు. ఆ రోజు దండ నా చేతిలోంచి జారి పెట్రోలు గిన్నెలో పడింది. దాని మీద కూడా ఒక కథ అల్లి నవ్వించాననుకోండి.

మొన్న సన్యాసి వచ్చాడు. ఏళ్ల తరబడి రంపం పట్టుకున్న చేతులు కదా, వేళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నాయట. ఇక పని మానేస్తున్నానన్నాడు. మామూలుగా గోల చేసే మనిషి, ఆ మాట మాత్రం నెమ్మదిగా అన్నాడు. రంపాన్ని బల్ల మీద పెట్టి, “నాన ఎలాగొగ్గేడో అలాగ సేసియ్యి బావా. ఇంట్లో ఎట్టుకుంటాను” అన్నాడు.

నాన్న ఎలా వదిలాడో అలా.

పక్కనే అప్పలరాజు రంపం ఉంది, దసరా ముందు సర్వీసుకి ఇచ్చింది. రెండూ విప్పాను. ఈసారి రెండు టబ్బులు. విరిగిన రెక్క చేతిలోకి వచ్చింది, పదిహేడేళ్ల తరవాత. దానికి నా మీద కోపమేమీ ఉన్నట్టు లేదు. అప్పుడు, నిజం చెబుతున్నాను, నాకు ఎంత సులువైన దారి కనబడిందో. గుట్టుగా మార్చేస్తే సరి. ఎవరి సిలిండరు వాళ్లకి. సన్యాసి తాడు లాగి ఈల విని ఉలిక్కిపడితే, చెప్పడానికి కథ కూడా తయారైపోయింది, అడక్కుండానే: ‘ముసలితనంలో మళ్లీ చిన్నపిల్లల గొంతు వత్తాది బావా.’ మంచి కథ. బల్ల నవ్వుతుంది. అతనూ నవ్వుతాడు, కాస్త ఆలస్యంగా.

ఆ ఆలస్యమే నన్ను ఆపింది. పదిహేడేళ్లుగా ఏ సిలిండరు దేనిలో ఉందో, మార్చకుండా మళ్లీ దానిలోనే బిగించి, సన్యాసికి ఫోను చేసి రమ్మన్నాను.

చెప్పాను. తువ్వాలు, టబ్బు, కాకి, అన్నీ. బల్ల మీద వాళ్లు ఎప్పట్లాగే నవ్వడం మొదలుపెట్టారు. సన్యాసి కూడా, “ఇది బాగుంది బావా, కొత్తది” అన్నాడు. నిజం చెప్పినప్పుడు నమ్మించడానికి నా దగ్గర మాటలే లేవని ఆ రోజు తెలిసింది. అప్పలరాజు రంపం కవరు తీసి, సన్యాసి వేలు పట్టుకుని, మూడో రెక్క మీద పెట్టాను. వేలు తిమ్మిరి వేలే. అయినా అక్కడ ఆగింది.

నవ్వు ఆగిపోయింది. అందరిదీ.

“మూసేసి స్టార్ట్ సెయ్యి” అన్నాడు. చేశాను. అతను రోడ్డు దాటి, బెల్లం లారీల సందులోంచి అంత దూరం నడిచి వెళ్లి, వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు. ఎంతసేపో. లారీవాళ్లు హారన్లు కొడుతుంటే చేత్తో ఊరుకోమన్నాడు. తిరిగొచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి. మొహం మాత్రం, ఏం చెప్పను, అరుగు మీద కుర్రాడి మొహం.

“మార్సకు. ఆడి దగ్గిరే ఉండనీ. నాన మిషను నా సేతిలో ఎప్పుడుందని? దూరం నుంచే కదా ఇన్నాను.” నా వైపు వేలు చూపించి అన్నాడు. “ఆడికి నువ్వే సెప్పాలి, దసరా రోజు, దుంగ దగ్గిర, నా ముందర. నిన్ను మాత్రం ఒగ్గను.”

నేను తెప్పించిన టీ ముట్టుకోలేదు. అదే కొట్టులో సొంత డబ్బులతో ఇంకోటి కొనుక్కుని, నాకు కనబడేలా నిలబడి తాగాడు. ఆ రోజు నుంచి నన్ను బావా అనడం మానేశాడు. ‘మేస్త్రీ’ అంటున్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా గుచ్చుకుంటోంది. గుచ్చుకోవాల్సిందే.

దసరా ఇంకో నాలుగు రోజులు. అప్పలరాజు ఏమంటాడో తెలియదు. పదిహేడేళ్లు తను గెలిచిన దండలు ఎవరివో కూడా అప్పుడే తేలుతుంది. తిట్టినా కొట్టినా ఊరంతా చూస్తుంది, నవ్వుతుంది. ఈసారి నవ్వేది నా కథకి కాదు, నాకు. విచిత్రం ఏమిటంటే, ఆ రోజు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. ఈ ఉదయం ఏదో పాట పాడుకుంటూ షాపు తెరిచానని టీ కొట్టు ఆయన అంటున్నాడు.

సన్యాసి క్షమించలేదు. అప్పలరాజుకి ఇంకా తెలియదు. మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు, మీ సిలిండరు నేను మార్చలేదు కదా. ఎవరికైనా వరసగా, మధ్యలో కాకి లేకుండా చెప్పాలనిపించింది. చెప్పాను. తువ్వాలు మెడలోనే ఉంది. ఇదంతా కళ్లు తెరుచుకునే రాశాను.