సగం గీకిన అంబాసిడర్

మా అమ్మాయి పదో తరగతి ఆఖరి పరీక్ష రాసి వచ్చిన రోజున నేనొక నిర్ణయం తీసుకున్నాను. జూన్‌లో అది ఇంటర్ చదవడానికి బెజవాడ హాస్టల్‌కి వెళ్లిపోతుంది. ఆ తర్వాత దాన్ని పండగలకి చూడాలి, అదీ కాలేజీ వాళ్లు సెలవిస్తే. అంటే నాకు మిగిలింది ఈ ఒక్క ఎండాకాలం. ఈ వేసవిలో మా నాన్నగారి పాత అంబాసిడర్‌ని ఇద్దరం కలిసి బాగుచేయాలి, ఆ పని చేస్తూ చేస్తూ అది నాతో నాలుగు మాటలు మాట్లాడాలి. ఇదీ నా పథకం. వింటే నవ్వుతుందని మా ఆవిడకి కారు సంగతి మాత్రమే చెప్పాను, మాటల సంగతి చెప్పలేదు.

ఆ ఏడాదంతా ఇంట్లో దాని గొంతే వినపడలేదు. తిన్నావా అంటే "తిన్నా". పరీక్ష ఎలా రాశావు అంటే "పర్లేదు". మూడో ప్రశ్న అడిగేలోపు గది తలుపు పడిపోయేది. ఆ తలుపు వెనక ఫోన్లో ఎవరితోనో పకపకా నవ్వడం మాత్రం హాల్లోకి వినిపించేది. చిన్నప్పుడు నా స్కూటర్ ముందు నిలబడి, భీమవరం చేరేదాకా నోరు మూయకుండా కబుర్లు చెప్పిన పిల్ల ఇది. నాకు ఒళ్లు మండేది. మంట తగ్గాక ఏం చేయాలో తోచేది కాదు. రొయ్యకి జబ్బు చేస్తే ల్యాబ్‌కి పట్టుకెళ్తాం, వాళ్లేదో ఒక మందు రాసిస్తారు. పదిహేనేళ్ల పిల్ల మాట్లాడకపోతే ఎక్కడికి పట్టుకెళ్లాలో నాకెవరూ చెప్పలేదు.

కారు మా చెరువుల దగ్గర మేత బస్తాలు పెట్టే షెడ్డులో ఉండేది. చెరువంటే రొయ్యల చెరువు. మావైపు ఇప్పుడు చెరువంటే ఇంకోటి ఎవరికీ గుర్తురాదు. మా నాన్నగారు పోయాక దాన్ని అక్కడ పెట్టాం, దాని మీద టార్పాలిన్ కప్పాం, టార్పాలిన్ మీద పాత వలలు పడేశాం. అలా అది మాకు కనపడకుండా పోయింది.

మొదటి రోజు అమ్మాయిని బతిమాలి తీసుకెళ్లాను. మేత వాసనకి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను బానెట్ ఎత్తి పాఠం మొదలుపెట్టాను. ఇది రేడియేటర్, ఇది డిస్ట్రిబ్యూటర్, ఇది కార్బురేటర్ అని వేలు పెట్టి చూపించాను. నాకు తెలిసినవి అయిపోయాక తెలియనివి కూడా చెప్పాను.

"డాడీ, ఇది స్టార్ట్ అవుద్దా?"

"ఇప్పుడు అవ్వదమ్మా."

"మరి ఎందుకు ఇదంతా?"

కారు తయారైతే డ్రైవింగ్ నేర్పిస్తానని ఆశపెట్టాను. "నాకు లైసెన్స్ వయసు రాలేదు కదా" అని ఇంటికెళ్లిపోయింది. పాత కార్లు బాగుచేసే వీడియోలు వెతికి వాట్సాప్‌లో పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, మాట పడలేదు.

మా ఆవిడ వంటింట్లోంచే నవ్వింది. "అయినా ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందండీ ఆ కారు మీద? మావయ్యగారు ఉన్నప్పుడు ఒక్కసారైనా గుడ్డ పెట్టి తుడిచారా?"

తుడవలేదు. ఆ మాట ఒప్పుకుంటే పరువు పోతుందని నేనొక్కణ్ణే షెడ్డుకి వెళ్లి పని మొదలుపెట్టాను. పాలకొల్లు నుంచి ఒక మెకానిక్ వచ్చి, కార్బురేటర్ ఊడదీసి సంచిలో వేసుకుని వెళ్లాడు. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా "దార్లో ఉన్నానండి" అనేవాడు. అది ఏ దారో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంజన్ నా చేతిలో లేదు గనక, ఎమెరీ పేపర్ కొనుక్కొచ్చి డోరు మీద పెచ్చులూడిన రంగు గీకుతూ కూర్చున్నాను.

ఏప్రిల్ ఆఖర్లో ఎండలు ముదిరేసరికి మధ్యాహ్నం కరెంటు పోవడం మొదలైంది. చెరువులో ఏరేటర్ తిరగకపోతే గాలి చాలక రొయ్య చచ్చిపోతుంది. అందుకని మా ఇంట్లో మనుషులకి లేని కరెంటు రొయ్యలకి ఉంటుంది, జనరేటర్ మీద. ఆ లైనే షెడ్డుకి కూడా వస్తుంది. ఒక మధ్యాహ్నం మా అమ్మాయి చార్జర్ పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. ఫోన్‌కి చార్జింగ్ పెట్టి, స్టాండ్ ఫ్యాన్‌ని కారు వైపు తిప్పి, వెనకసీటులో కాళ్లు బారజాపుకుని పడుకుంది. అంబాసిడర్ వెనకసీటంటే మంచమే కదా. నేను దానికేసి చూడలేదు. చూస్తే లేచి వెళ్లిపోతుందేమోనని భయం. ముందు డోరు మీద మెల్లగా రుద్దుతూ కూర్చున్నాను.

"ఆ చప్పుడు చిరాగ్గా ఉంది డాడీ."

ఆపేశాను. కాసేపటికి అదే లేచి డోరు దగ్గరకి వచ్చి వంగి చూసింది.

"అదేంటి, కింద నీలం ఉంది?"

తెల్లరంగు కింద లేత నీలం. నాకు గుర్తొచ్చి దానికి చెప్పాను. కొన్నప్పుడు కారు నీలంగానే ఉండేది. మా నాన్నగారు ఊళ్లో నీటి సంఘానికి ప్రెసిడెంటు అయ్యాక దానికి తెల్లరంగు వేయించారు. ఆ రోజుల్లో ఆఫీసర్ల కార్లన్నీ తెల్ల అంబాసిడర్లే. ఏ ఆఫీసుకి వెళ్లినా కలెక్టరుగారు వచ్చారనుకుని గేటు తీసేస్తారని ఆయన ఆలోచన.

"తీశారా మరి?"

"ఒక్కచోట తీశారు. తీసి, లోపల మీ తాతయ్యని చూసి మళ్లీ వేసేశారు."

నవ్వింది. తలుపు వెనకనుంచి వినపడే నవ్వు కాదు, నా ఎదురుగా నిలబడి నవ్వింది. ఆ నవ్వుకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి, రంగు దుమ్ము పడిందని చెప్పి తుడుచుకున్నాను. అది ఇంకో ఎమెరీ పేపర్ ముక్క తీసుకుని "ఇలాగేనా?" అని అడిగింది. "ఇలాగే" అన్నాను. పాఠం చెప్పాలని నాలుక దురద పెట్టింది గాని ఎలాగో ఆపుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు ఉంది. అయినా వచ్చింది.

తర్వాత నేను దానికి కూలివాణ్ని అయిపోయాను. అదే వీడియోలు చూసి, నీలం రంగు కింద కూడా తుప్పు బుడగలు ఉన్నాయని, ఇనుము తేలేదాకా గీకి, ప్రైమర్ కొట్టి, మళ్లీ అదే నీలం వేయాలని తేల్చింది. షేడ్ సరిపోల్చడానికి ఫోటోలు తీసుకుంది. "అడ్డదిడ్డంగా రుద్దకండి డాడీ, గీతలు పడతాయి" అని నన్ను కేకలేసింది. నేను కిక్కురుమనకుండా చెప్పినట్టు రుద్దాను. ఊళ్లో నా కేకలకి బెదిరేవాళ్లు ఆ సీను చూస్తే సంతోషించేవారు.

డోరుకి అది ఇటు, నేను అటు కూర్చునేవాళ్లం. మధ్యలో డోరు ఉంది గనక మొహాలు చూసుకోనక్కర్లేదు. అందుకే కాబోలు, మాటలు వాటంతట అవే వచ్చాయి. ఏ స్నేహితురాలితో ఎందుకు చెడిందో చెప్పింది. లెక్కల పరీక్షలో చేతులు వణికాయని చెప్పింది. ఆ హాస్టల్లో బాత్రూముల దగ్గర తెల్లారకముందే లైన్ కట్టాలంటగా అని అడిగింది. నీకు వెళ్లాలని ఉందా అని నేనడిగాను. "అందరూ వెళ్తున్నారుగా" అంది. అది అవునో కాదో నేను తరచి అడగలేదు. కాదు అంటే ఏం చేయాలో నాకు తెలియదు.

రెండు డోర్లు, బానెట్ ఇనుము తేలేసరికి కొత్త స్టీలు గిన్నెల్లా మెరిశాయి. ప్రైమర్ కొట్టే ముందు దుమ్ము లేకుండా శుభ్రంగా కడగాలని వీడియోలో చెప్పారంది. సాయంత్రం షెడ్డు పక్కనున్న బోరు మోటారు వేసి పైపు పట్టుకున్నాం. మేం కాళ్లు కడిగేది, వలలు కడిగేది, మేత ట్రేలు కడిగేది అన్నీ ఆ నీళ్లతోనే. అది డోరు కడిగింది, నేను బానెట్ కడిగాను. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గాని కాసేపటికి ఒకరి మీద ఒకరం నీళ్లు కొట్టుకున్నాం. బంగినపల్లి పళ్లు కోసి పళ్లెంలో పెట్టుకొచ్చిన మా ఆవిడని కూడా వదల్లేదు. ఆవిడ మమ్మల్నిద్దర్నీ తిట్టింది, తడిసిన చీరతోనే గట్టు మీద కూర్చుని ముక్కలు తినిపించింది. ఆ ఏడాది మొత్తంలో నాకు అంత బాగున్న సాయంత్రం ఇంకోటి లేదు.

పొద్దున్న షెడ్డుకి వెళ్లేసరికి కారు ఎర్రగా ఉంది. రెండు డోర్లు, బానెట్ అంతా తుప్పు, పసుపు కుంకుమ కలిపి పూసినట్టు. అమ్మాయి నా వెనకే వచ్చి వేలితో డోరు రాసి, ఆ వేలు నాలుకకి తగిలించి చూసింది.

"ఉప్పగా ఉంది డాడీ."

రొయ్యకి ఉప్పునీళ్లు కావాలి. దాని కోసమే ఆ బోరు వేయించాను. ఉప్పు తగిలిందని తెలిసిన రోజున ఊళ్లో స్వీట్లు పంచిన మనిషిని. రోజూ పొద్దున్నే ఆ నీళ్లలో ఉప్పెంత ఉందో మీటరు పెట్టి చూసుకునేవాణ్ని, తగ్గితే కంగారు పడేవాణ్ని. ఆ నీళ్లతో పచ్చి ఇనుము కడిగాను. ఆ బోరు పక్కనే పుట్టి పెరిగిన పిల్లకి కూడా తట్టలేదు. మాకు నీళ్లంటే అవే.

నేను నెత్తిన చేయి పెట్టుకుని మేత బస్తా మీద కూలబడ్డాను. అదే నా భుజం తట్టింది.

"పోన్లెండి డాడీ. ఇంకా టైముంది కదా, మళ్లీ రుద్దుదాం. ఈసారి మంచినీళ్ల టిన్నులు తెప్పించండి."

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో తుప్పుని చూసి సంతోషించాను. మొత్తం పని మళ్లీ మొదటికొచ్చింది, అంటే ఇంకో నెల డోరుకి చెరోవైపు కూర్చోవచ్చు.

మధ్యాహ్నం భోజనాల దగ్గరుండగా కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. మీ అమ్మాయి స్పెషల్ బ్యాచ్‌కి సెలెక్ట్ అయిందండి, ఆ బ్యాచ్‌కి క్లాసులు ముందే మొదలవుతాయి, సోమవారంకల్లా జాయిన్ చేసేయండి అన్నారు.

"జూన్ అన్నారు కదండీ?"

"జూన్‌కి వచ్చేది మామూలు బ్యాచ్ అండి. ఇక మీ ఇష్టమండి."

మీ ఇష్టం అని ఆయన ఎంతో మర్యాదగా అన్నాడు. మా ఆవిడ నా మొహంలోకి చూస్తోంది. అమ్మాయి పళ్లెంలోకి చూస్తోంది. ఇంకో నెల ఆగుతామండి అని చెప్పడానికి నోరు తెరిచాను. కారణం ఏం చెప్పాలి? కారు తుప్పు పట్టిందండి అనా? మా వీధిలో పిల్లలందరూ అలాంటి హాస్టళ్లలోనే ఉన్నారు. మీ వల్లే వెనకబడ్డానని రేపు అమ్మాయే అంటే?

"అబ్బే, పంపిస్తామండి. థాంక్సండి" అన్నాను. థాంక్స్ ఎందుకు చెప్పానో ఇప్పటికీ అర్థం కాదు.

అమ్మాయి చేతులు కడుక్కుని గదిలోకి వెళ్లింది. నేను వెనకే వెళ్లి "ఏమంటావమ్మా?" అని అడిగాను. "అనడానికేముంది డాడీ" అని బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. సోమవారం హాస్టల్లో దింపినప్పుడు దాని గోళ్లలో ఇంకా నీలం రంగు ఉంది. వార్డెన్ ఆ చేతులకేసి చూసి నెయిల్ పాలిష్ ఇక్కడ కుదరదమ్మా అంది. మా అమ్మాయి చేతులు వెనక్కి పెట్టుకుంది. నేను పక్కనే ఉండి కూడా అది నెయిల్ పాలిష్ కాదని చెప్పలేదు.

అక్కడ పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు. ఆదివారం వార్డెన్ ఫోన్‌తో వరసగా మాట్లాడిస్తారు. మొదటి రెండు ఆదివారాలు వాళ్లమ్మతోనే కొబ్బరినూనె గురించీ దుప్పటి గురించీ మాట్లాడి పెట్టేసింది. మూడో ఆదివారం డాడీకివ్వు అందట. నేను గబగబా చేయి తుడుచుకుని ఫోన్ అందుకున్నాను.

"డాడీ, డోర్లు రుద్దారా?"

"లేదమ్మా, రొయ్యల పట్టుబడి పనుల్లో పడ్డాను."

"అలా వదిలేస్తే తుప్పు లోపలికి వెళ్లిపోద్ది డాడీ. వానలు కూడా వస్తున్నాయి కదా. నేనొచ్చి చేసేస్తాను. మీకొక్కరికీ అవ్వదు. మీరొచ్చి వార్డెన్ మేడమ్‌తో చెప్పండి. కారు పనుందని చెప్పండి. ఒక్క వారం డాడీ. మొత్తం చేసేసి మళ్లీ వచ్చేస్తాను."

ఆఖరి మాట అంటూనే ఏడ్చేసింది. తుప్పు గురించి ఎవరూ అలా ఏడవరని నాకు తెలుసు. ఇప్పుడు బయల్దేరితే చీకటి పడకముందే బెజవాడలో ఉంటానని కూడా తెలుసు. ఈ ఎండాకాలమంతా ఏ మాట దాని నోట వినాలని నేను పాట్లు పడ్డానో ఆ మాట అది అంటోంది. మా ఆవిడ ఏంటి అన్నట్టు సైగ చేసింది. ఫోన్లో అమ్మాయి వెనక ఎవరో పిల్ల తన వంతు వచ్చిందని తొందరపెడుతోంది.

"కారు ఎక్కడికీ పోదులేమ్మా" అన్నాను. "నువ్వు చదువుకో."