బస్సులో వచ్చిన నీళ్లు

నా ఇంజనీరింగ్ నాలుగో ఏడాదిలో సగం శుక్రవారాలు కామారెడ్డి బస్టాండులోనే గడిచాయి. ఎల్లారెడ్డి నుంచి పొద్దున వచ్చే బస్సు కోసం అక్కడ నిలబడేదాన్ని. డ్రైవరు సీటు వెనక, తడిగుడ్డ చుట్టిన లీటరు సీసా ఒకటి వచ్చేది. అందులో మా ఊరి నీళ్లు. కండక్టరు దాన్ని కిందికి అందిస్తూ ప్రతిసారీ అదే మాట: "ఏం చెల్లె, గిండ్ల సారా గిట్ల లేదు గద?" నేను నవ్వేదాన్ని కాదు. సీసాను ఎండకు పట్టి చూసేదాన్ని. నీళ్లలో బస్టాండంతా తలకిందులుగా, చిన్నగా, తేటగా కనిపించేది. అరటిపండ్ల బండి, రేకుల కప్పు, సంచులతో పరుగెత్తే మనుషులు, అందరూ ఆ లీటరు నీళ్లలో మెల్లగా ఈదుతున్నట్టు ఉండేది. అట్లా చూస్తూ నిలబడి రెండుసార్లు చిన్నమ్మ ఇంటికి పోయే ఆటో తప్పిపోయింది.

ఈ చదువులోకి నేను కోరుకుని రాలేదు. 2009లో కౌన్సెలింగ్‌కు పోతే నా ర్యాంకుకు కంప్యూటర్ సీటు అందలేదు. తెర మీద ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ అని ఒక పేరు మిగిలి ఉంటే నొక్కేశాను. బాపుకు ఆ పేరు నోరు తిరగలేదు.

"ఏంది బిడ్డా గది?" అన్నాడు.

"నీళ్లు, గాలి, చెత్త. గవి ఎట్ల బాగుచెయ్యాల్నో చెప్తరు."

"గా చెత్త సంగతి నేర్వనీకి హైదరాబాద్ దాక పోవాల్నా? మన పెంటకుప్ప కాడ నేనే నేర్పుదు గద."

ఆయన నవ్వాడు, నాకు ఒళ్లు మండింది. నాకు తొందరగానే ఒళ్లు మండుతుంది, ఇప్పటికీ అంతే. ఆ పౌరుషంతోనే చదవడం మొదలుపెట్టాను. తర్వాత ఎప్పుడు ప్రేమలో పడ్డానో నాకే తెలియదు.

అవి ఉద్యమం రోజులు. కాలేజీ తెరిచిన రోజుల కంటే మూసిన రోజులే ఎక్కువనిపించేది. హాస్టల్ డాబా మీద, సాయంత్రపు ఎండలో పుస్తకం ముఖాన కప్పుకుని పడుకునేదాన్ని. మడ్డినీటిని పెద్ద తొట్టిలో కదలకుండా ఉంచితే మట్టి తనంతట తాను అడుక్కి దిగుతుందని మా సారు పాఠంలో చెప్పారు. ఇంత గొప్ప సంగతిని అంత మామూలుగా ఎట్లా చెప్పగలిగారో అనుకుంటూ ఉండేదాన్ని. కండ్లు మూసుకుంటే ఆ తొట్టి అడుగున నేనే ఉన్నట్టు, నా చుట్టూ మట్టి రేణువులు తీరిగ్గా రాలుతున్నట్టు, పైన నీళ్లు తేటపడి ఆకాశం కనిపిస్తున్నట్టు ఉండేది. మెస్ గంట కొట్టేదాకా అట్లాగే ఉండిపోయేదాన్ని.

ఈ చదువుతో ఏమవుతామని అడిగితే సీనియర్లు తలా ఒకటి చెప్పేవారు. ఒకాయన మురుగునీటి శుద్ధి కేంద్రంలో షిఫ్టులు చేస్తున్నాడు. ఒకామె మందుల ఫ్యాక్టరీలో వాడిపారేసిన నీళ్లను చూస్తుంది, వాసనను బట్టి ఆ రోజు ఏ మందు తయారైందో చెప్పేస్తుందట. కొందరు కన్సల్టెన్సీల్లో చేరి, ఒకచోట ఫ్యాక్టరీ వస్తే చుట్టుపక్కల ఏమవుతుందో రిపోర్టులు రాస్తారు. సర్కారు కొలువు దొరికితే కాలుష్యం తనిఖీలకు పోవచ్చు. నేనేమో నిజాంసాగర్ కట్ట మీద నిలబడి, నీళ్లను మా ఊరి దిక్కు రమ్మని చేయి ఊపుతున్నట్టు పగటికలలు కనేదాన్ని. నిజాంసాగర్ మాకు దూరమేమీ కాదు, కానీ దాని కాలువలు బాన్సువాడ, బోధన్ దిక్కు పోతాయి. ఎల్లారెడ్డికి ఆవల, రోడ్డు దిగి నడిస్తే వచ్చే మా నలభై ఇండ్లకు ఉన్నది ఒక్క బోరింగు.

ఆ బోరింగు మీదే నా అనుమానం. బాపుకు అప్పటికి యాభై నిండలేదు. కింద కూర్చుంటే గోడ పట్టుకుని లేచేవాడు. పక్కకు చూడాలంటే మెడ తిరగక మనిషే తిరిగేవాడు. పిల్లల పండ్ల మీద గోధుమరంగు చారలు. నా పండ్ల మీదా ఉన్నాయి, అందుకే ఏ ఫోటోలోనూ నేను నోరు తెరవను. నీళ్లలో ఫ్లోరైడ్ హద్దు దాటితే ఇట్లాగే అవుతుందని మూడో ఏడాదిలో చెప్పినప్పుడు, నా ఇంటి సంగతి ఎవరో బోర్డు మీద రాసినట్టు అనిపించి తల వంచుకున్నాను. ప్రాజెక్టుకు మా ఊరి నీళ్లే తీసుకుంటానని ఆ రోజే అనుకున్నాను. ఫ్లోరైడ్ ఉందని తేలితే, ఫిల్టర్ ప్లాంటు పెట్టే ఊళ్ల జాబితాలో మా ఊరి పేరు ఎక్కుతుంది. బాపు మోకాళ్లు బాగుపడవు గానీ, ఇప్పుడు పాలపండ్లు ఊడుతున్న పిల్లల ఎముకలైనా దక్కుతాయి.

కామారెడ్డిలో ఒక కాలేజీ వాళ్లు తమ లాబ్‌లో ఒక మూల వాడుకోనిచ్చారు. నేను చిన్నమ్మ ఇంట్లో ఉండిపోయాను. ప్రతి వారం ఊరికి పోయి రావడానికి బద్ధకించి, సీసా నింపే పని అవ్వకు అప్పజెప్పాను. అవ్వ బాపును కన్నతల్లి, ఇంట్లో అందరికీ అవ్వే. "బోరింగు కాడ నింపు. పెద్ద సార్లు చూస్తరు, సీసా మంచిగ కడుగు" అని చెప్పాను. బాపు దాన్ని ఎల్లారెడ్డి తీసుకొచ్చి బస్సులో పెట్టేవాడు. నమూనా ఎవరి చేతితో వాళ్లే పట్టుకోవాలన్నది ఈ విద్యలో మొట్టమొదటి పాఠం. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు నిండా మార్కులు వచ్చాయి కూడా.

పరీక్షకు వాడే మందు ఎర్రగా ఉంటుంది. నీళ్లలో కలిపినప్పుడు ఫ్లోరైడ్ ఎంత ఎక్కువ ఉంటే ఆ ఎరుపు అంత వెలిసిపోతుంది. మొదటి శుక్రవారం గొట్టాన్ని కంటి ఎత్తుకు పట్టి చూశాను. రంగు వెలవలేదు. తర్వాతి వారమూ వెలవలేదు. లాబ్ కిటికీలోంచి వెలుతురు పడి, వరసగా నిలబెట్టిన గొట్టాలు మోదుగుపూల రంగులో మెరిసేవి. నేను వాటి ముందు గడ్డం కింద చేయి పెట్టుకుని కూర్చుని, మా నీళ్లు ఇంత బాగుంటే బాపు మోకాళ్లకు ఏమైందబ్బా అని ఆలోచించేదాన్ని. పొలం పని వల్లే కావచ్చునని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, పండ్ల మీది చారలను తలుచుకోలేదు. నిజం చెప్పాలంటే నాకు సంతోషంగా ఉండేది. మా ఊరి మీద పడ్డ మచ్చ నా చేతితోనే తుడిచేసినట్టు ఉండేది.

ఏప్రిల్ నాటికి రిపోర్టు పూర్తయింది. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు నన్ను తీసుకున్నారు, జూన్‌లో చేరాలి. ఎల్లారెడ్డిలో నీళ్ల పనులు చూసే ఇంజనీరు ఒకాయన, ప్లాంట్ల జాబితాకు పనికొస్తుందని నా రిపోర్టు కాపీ అడిగితే, గొప్పగా పోయి ఇచ్చి వచ్చాను. ఇక మిగిలింది అట్ట వెయ్యడం. లోపల బోరింగు ఫోటో ఒకటుంటే బాగుంటుందని, ఇక సీసా పంపొద్దని కూడా చెప్పి రావచ్చని, ముందుగా కబురు పెట్టకుండా ఒక శుక్రవారం తొలి బస్సెక్కాను. లింగంపేట దాటాక అడవిలో పల్చటి వెలుతురు. కిటికీకి తల ఆనించి, ఉద్యోగంలో చేరాక కట్టుకునే చీర రంగు గురించి ఆలోచించాను.

బోరింగు దగ్గర ఎవరూ లేరు. ఇంట్లో అవ్వ లేదు. అమ్మ అప్పటికే కూలికి పోయింది. బాపు అరుగు మీద మోకాళ్లకు నూనె రాసుకుంటూ, "బాయి కాడికి పోయింది, అస్తది" అన్నాడు. కాసేపటికి చేనుగట్టు మీద అవ్వ కనిపించింది. నెత్తి మీద ఇత్తడి బిందె, చంకలో నా సీసా. సీసా నిండుగా ఉంది.

"అవ్వా, గవి యాడి నీళ్లు?"

"బాయి నీళ్లే. యాడివైతయి?"

మా ఇంట్లో నీళ్లు రెండు రకాలు. బోరింగువి ఇంట్లో వాళ్లకు. మైలు దూరాన ఎవరిదో చేనులో ఉన్న ఊటబాయివి చుట్టాలకు. ఎండాకాలం ఆ బాయిలో రోజుకు యాభై బిందెలకు మించి ఊరవు, చేనాయన చుట్టాల కోసమంటేనే తోడనిస్తాడు. వచ్చిన మనిషికి బోరింగు నీళ్లిస్తే మా దిక్కు పరువు తక్కువ. ఇదంతా నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు, ఎందరికో నా చేతులతోనే చెంబు అందించాను. అయినా ఈ ఆరు నెలల్లో ఒక్కసారీ తట్టలేదు.

"బోరింగుయి నింపుమంటి గద నీకు!" అని అరిచాను. వాకిలి దాకా పోయి సీసా నీళ్లు పారబోశాను.

అవ్వ బిత్తరపోయింది. "పెద్ద సార్లు చూస్తరంటివి. గా చప్పటి నీళ్లు తోలితే ఏమనుకుంటరు బిడ్డా? ఇదేం ఊరు, ఇదేం ఇల్లు అనరా? వారం వారం ఇరిగిన నడుంతోని గంత దూరం పోయి తెచ్చిన."

ముసలావిడ ఇరవైకి పైగా శుక్రవారాలు మైలు దూరం నడిచింది నా పరువు కోసం. తప్పు పూర్తిగా నాది. ఆమె మీద అరిచినందుకు ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది.

రిపోర్టు అట్లాగే ఇస్తే ఎవరికీ తెలియదు. నేను పాసవుతాను, జూన్‌లో ఉద్యోగంలో చేరతాను, మా ఊరు జాబితాలో ఉండదు. సారు దగ్గరికి పోయి చెప్పాను. "మళ్లీ మొదటి నుంచి చెయ్యాలంటే ఆరు నెలలు పోతాయమ్మా. ఆ ఉద్యోగం ఆగదు. ఆలోచించుకో" అన్నారు. రెండు రోజులు ఆలోచించాను. గొప్ప మనసేమీ కాదు నాది, ఆ రెండు రోజులూ ఉద్యోగం దిక్కే మొగ్గాను. చివరికి ఎల్లారెడ్డి పోయి ఇంజనీరు గారి దగ్గర నా కాపీ వాపసు తీసుకున్నాను. ఇవి మా బోరింగు నీళ్లు కావని చెప్పాను.

బాపుకు కోపం వచ్చింది. "నా మోకాళ్లు ఎట్లనూ పోయినయి. గిప్పుడు నీ నౌకరి గూడ పోగొడ్తవా?"

"నీ మోకాళ్ల కోసం గాదు బాపు" అన్నాను. అబద్ధం ఆడాను.

ఈసారి ఊళ్లోనే ఉండి, ప్రతి శుక్రవారం నా చేతితోనే బోరింగు కొట్టి సీసా నింపాను. నేను ఫెయిలయ్యానని ఊరంతా అనుకుంది. అవ్వ ఆ పొద్దు వాకిట్లోకి వచ్చేది కాదు, సీసాను ఎవరూ చూడకుండా సంచిలో పెట్టుకొమ్మని లోపలి నుంచే చెప్పేది. కామారెడ్డి లాబ్‌లో గొట్టం పట్టుకుని చూస్తుండగానే ఎరుపు వెలిసి, లేత గులాబీ అయి, దాదాపు ఏమీ మిగలకుండా పోయింది. నేను చప్పట్లు కొట్టాను. తర్వాత స్టూలు మీద కూర్చుండిపోయి, బాపు చిన్నప్పటి నుంచీ తాగినవి ఇవేనని గుర్తొచ్చి ఏడ్చాను.

2014 ఎండాకాలానికి జాబితాలో మా ఊరి పేరు ఎక్కింది. ఆఫీసు వాళ్లు వచ్చి మళ్లీ పరీక్ష చేసుకుని, బోరింగుకు ఎర్రరంగు వేసి, తాగొద్దని చెప్పిపోయారు. ప్లాంటు రావడానికి ఇంకా టైం పడుతుందన్నారు. అందరం పోయి అడిగితే, చేనాయన ఇంటికి ఒక బిందె చొప్పున తోడుకొమ్మన్నాడు. నాకింకా ఉద్యోగం లేదు, కాబట్టి మా ఇంటి బిందె మోసే పని నాది.

మొదటి రోజు బిందె దించగానే అవ్వ చెంబు తోమి, నిండా నీళ్లు ముంచింది. అప్పుడే చేను నుంచి వచ్చి, గోడ పట్టుకుని మెల్లగా కూర్చున్న బాపు ముందు పెట్టింది. బాపు చెంబు ముట్టలేదు. మనిషంతా తిరిగి వాకిలి దిక్కు చూశాడు.

"ఎవరచ్చిండ్రు అవ్వా?" అని అడిగాడు.