పై వాటాలో మిషను, కింది వాటాలో నిద్ర

ఇరవై తొమ్మిదేళ్లు బస్సు కండక్టరుగా పనిచేసి, మోకాళ్లు అరిగిపోయాక ఇంటిపట్టున కూర్చున్న మనిషాయన. ఇరవై వాటాల ఆ పాత మేడలో అందరూ ఆయన్ని ‘రైట్‌రైట్’ అనే పిలిచేవారు. మేడ సంఘానికి కార్యదర్శిని చేసింది కూడా ఆ గొంతు చూసే. ఎంత గొడవైనా ఆయన ఒక్క కేక వేస్తే చల్లారేది. చల్లారేది గానీ ఆరేది కాదు. వారం తిరక్కముందే అదే మెట్ల మీద మళ్లీ రాజుకునేది. రెండేళ్లకి గొంతు బొంగురుపోయింది, మనసు విసిగిపోయింది.

వీధి చివరి గ్రంథాలయంలో శనివారం సాయంత్రాలు ఒక తరగతి మొదలైంది. తగవులు తీర్చడం నేర్పుతారట. మేడకొకరు రావాలన్నారు. ఎవరూ కదలకపోతే ఆయనే వెళ్లాడు. నేర్పేది రిటైరైన నర్సు ఒకావిడ.

“ఎదుటివాళ్లు చెప్పింది ముందు మీ నోటితో తిరిగి చెప్పండి. అదేనా అని అడగండి. తీర్పు తర్వాత,” అందామె.

ఆయనకి నవ్వొచ్చింది. టిక్కెట్టు అడిగినవాడితో ‘నువ్వు టిక్కెట్టు అడుగుతున్నావన్నమాట’ అంటూ కూర్చుంటే బస్సు కదిలినట్టే!

నాలుగో శనివారం రాకముందే మేడలో నిప్పంటుకుంది. మూడో అంతస్తులో ఒకావిడ బడిపిల్లల చొక్కాలు కుడుతుంది. మోటారు బిగించిన మిషను పొద్దస్తమానం ఆగదు. సరిగ్గా కింది వాటాలో అచ్చాఫీసు ప్రూఫులు దిద్దుకునే మాస్టారు ఉంటాడు. చీపురుకర్రతో కప్పు పొడిచి పొడిచి విసిగిపోయి, ఆ మధ్యాహ్నం మీటర్ల దగ్గరికి దిగి ఆమె ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. మిషను ఆగింది. ఆమె చేతిలో కత్తెరతోనే దిగొచ్చింది. పని మధ్యలో లేచింది గనక అది చేతిలో ఉండిపోయింది, అంతే. చూసినవాళ్లు మాత్రం “పొడిచేస్తోందిరోయ్!” అని గోల పెట్టారు.

కండక్టరు వచ్చాడు. కేక గొంతుదాకా వచ్చింది. మింగేశాడు. కత్తెర పుచ్చుకుని, ఇద్దర్నీ మెట్ల మీదే కూర్చోబెట్టాడు.

“చెప్పమ్మా.”

“ఏం చెప్పను బాబాయ్? సోమవారానికి నూట నలభై చొక్కాలు ఇవ్వాలి!”

“అంటే... సోమవారానికి నూట నలభై చొక్కాలు ఇవ్వాలంటున్నావు.”

“నేనన్నదే నాకు చెప్తావేంటి, చిలకలా!”

చుట్టూ చేరిన జనం పకపకా నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. లేచి అరుద్దామంటే మోకాళ్లు సహకరించలేదు. ఓపిక లేకే ఊరుకున్నాడు. కేకలు లేకపోయేసరికి వేడుక చూడొచ్చినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు.

అప్పుడు కనిపించింది ఆయనకి మాస్టారి ముఖం. మాసిన గడ్డం, గుంటలు పడ్డ కళ్లు.

“మీరు కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయింది మాస్టారూ?”

మాస్టారు ఫ్యూజు తీసి చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. “ఆపరేషనయ్యాక మా ఆవిడకి రాత్రంతా నొప్పే. మధ్యాహ్నం మందు వేశాక రెండు గంటలు కునుకు పడుతుంది. సరిగ్గా అప్పుడే...”

“అక్కకి ఆపరేషనా? నాతో ఒక్క ముక్క అనలేదే! చీపురుకర్రతో చెబితే నాకేం తెలుస్తుంది?”

“చెప్పొద్దంది. మేడంతా వచ్చి జాలిపడితే తట్టుకోలేనంది.”

కండక్టరు నెమ్మదిగా అన్నాడు: “ఆవిడకి రెండు గంటల నిద్ర కావాలి. రెండు గంటలు పోతే నీ చొక్కాలు తెమలవు. నేను సరిగ్గానే విన్నానా?”

ఇద్దరూ తలూపారు. ఈసారి చిలకన్న మాట రాలేదు.

“ఆ రెండు గంటలూ గుండీలు కుట్టుకుంటాలే,” అంది ఆమె చివరికి. “మిషను కింద పాత దుప్పటి కూడా మడిచి వేస్తాను.”

“గుండీలు నాకూ వచ్చు. సగం కిందికి పంపండి,” అన్నాడు మాస్టారు, ఫ్యూజు ఆమె చేతిలో పెడుతూ.

మాస్టారు కుట్టినవి వంకరగా వచ్చాయి. ఆమె విప్పి మళ్లీ కుట్టుకుంది. ఆయనకి మాత్రం చెప్పలేదు. అలాగని ఇద్దరూ స్నేహితులైపోలేదు. ఐదో రోజున మిషను పది నిమిషాలు ముందే మొదలైంది, చీపురుకర్ర మళ్లీ లేచింది, కండక్టరు మళ్లీ మూడంతస్తులు ఎక్కాడు.

నేర్చుకున్నది ఎలా పనికొస్తోందని తరగతిలో నర్సమ్మ అడిగింది.

“అరిస్తే గొంతొక్కటే నొప్పెట్టేదమ్మా. ఇప్పుడు ఇంటికెళ్లి తలుపేసుకున్నా వాళ్ల మాటలే చెవుల్లో తిరుగుతున్నాయి.”

“తిరుగుతాయి. నాకూ అంతే,” అందామె. ఆయనకో కుర్చీ జరిపి, ఆ రోజు పాఠం మొదలుపెట్టింది.